నలభై నాలుగో మనిషి

తార్నాకలోని ఆ వాటాకి పొద్దున ఏడింటికి నీళ్లొస్తాయి. కరుణమ్మ బిందెలు నింపుతోంది. ఆమె భర్త ఏసురత్నం ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కూతురు షారోన్ మంచం మీద కూర్చుని ఫోన్లో ఒక మెయిల్ చదివింది. మళ్లీ చదివింది.

డిజైన్ కాలేజీ నుంచి వచ్చింది. మీరు కోరినట్టే సీటు రద్దు చేశాం, తర్వాతివారికి ఇచ్చేశాం అని ఉంది.

ఆ సీటు కోసం షారోన్ రెండేళ్లు ఆలోచించింది. ఇంటరాక్షన్ డిజైన్ అంటే ఫోనూ యంత్రమూ మనిషి తడబడకుండా వాడేలా రూపొందించే పని. బొమ్మలు గీయడం, మనస్తత్వశాస్త్రం, కోడింగ్ మూడూ ఎక్కడ కలిపి చెబుతారో, ఏ పరీక్ష రాయాలో తనే వెతుక్కుంది. పోయిన వేసవిలో యూనివర్సిటీలో తండ్రి పనిచేసే పరీక్షల విభాగానికి వెళ్లి, సర్టిఫికెట్లకి దరఖాస్తు పెట్టే కంప్యూటర్ పక్కన నెల రోజులు కూర్చుంది. నలభై మూడు మంది చెయ్యి తెర మీద ఎక్కడెక్కడ తడబడి ఆగిందో నోట్‌బుక్‌లో రాసింది. ఇంటర్వ్యూలో ఆ పుస్తకాన్నే ఇరవై నిమిషాలు తిరగేశారు.

సీటు ఒప్పుకోవడానికి నిన్న ఆఖరు రోజు. ఆమెకి జ్వరం. నువ్వు పడుకో, ఆఫీసులో పెద్ద స్క్రీన్ ఉంది, నేను చేస్తానని ఏసురత్నం అన్నాడు.

"డాడీ, నిన్న ఏం చేశారు?"

అతను మెయిల్ చూశాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"వద్దన్నాను. ఆ చదువుకి ఉద్యోగమేంటో నాకు తెలీదు. క్యాంపస్‌లో డిగ్రీ చదువు, కళ్లముందుంటావు."

కరుణమ్మ బిందె దించింది. "నిన్న ప్రార్థనలో ఆ సీటు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది ఎవరండీ?"

అతను చొక్కా తొడుక్కున్నాడు.

"ముందే చెప్తే ఏడ్చి ఊరుకునేదాన్ని. వెనక నుంచి చేశారు" అంది షారోన్.

కాలేజీకి ఫోన్ చేస్తే, సీటు తిరిగి రాదు, వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాయమన్నారు. డిగ్రీ దరఖాస్తులకి కూడా ఆ రోజే గడువు. తండ్రీ కూతుళ్లు క్యాంపస్ దాకా నడిచారు.

ఏసురత్నం తన కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలన్నీ నింపాడు. పక్క సీటు దివాకర్ నవ్వాడు. "సార్ చేతిల తప్పు పోదమ్మా. మొన్న నా లీవ్ లెటరే వాపస్ చేసిండు."

ఆఖరి పేజీ వచ్చింది. కింద రెండు బటన్లు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఏసురత్నం మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. దివాకర్ బయటికి వెళ్లేదాకా ఆగాడు.

"ఏ రంగు నొక్కాలమ్మా?"

షారోన్ అతని వంక చూసింది. తన ఫోన్లో, సీటు ఎలా ఒప్పుకోవాలో బొమ్మలతో చూపే డిజైన్ కాలేజీ పేజీ తెరిచింది. ఆ కాలేజీ రంగు ఎరుపు. గేటూ బస్సూ అన్నీ ఎరుపే. సీటు ఒప్పుకునే బటన్ ఎరుపు. వదులుకునేది ఆకుపచ్చ. అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

"ఆఫీసర్లు సంతకం పెట్టేది ఆకుపచ్చ సిరాతో" అన్నాడు ఏసురత్నం. "ఎర్ర పెన్సిల్ అభ్యంతరానికి. ముప్ఫై ఏళ్లుగా అంతే. ఖాయమేనా అని కంప్యూటర్ మళ్లీ అడిగింది. మళ్లీ ఆకుపచ్చే నొక్కాను. ఓటీపీ కూడా కొట్టాను."

"పొద్దున ఇదే చెప్పొచ్చుగా."

"ఎంతమంది ఫారాలు తప్పులున్నాయని తిప్పి పంపాను. కూతురి ఫారం నింపలేకపోయాడనిపించుకునే కన్నా, కసాయోడు అనిపించుకోవడం నయమనుకున్నాను."

షారోన్ మౌస్ అందుకుని దరఖాస్తు పంపేసింది. బీఎస్సీ స్టాటిస్టిక్స్, మూడేళ్లు. సంచిలోంచి నోట్‌బుక్ తీసి, నలభై మూడో మనిషి కింద గీత గీసి రాసింది: నలభై నాలుగు. మగ. వయసు యాభై ఏడు. చెయ్యి ఎక్కడ ఆగింది అనే గడిలో, ఆగలేదు అని రాసింది.

అతను కళ్లద్దాలు పెట్టుకుని ఆ వరుస చదివాడు.

"తప్పు ఎవరిది అని గడి లేదా?"

"ఈ పుస్తకంలో ఆ గడి పెట్టలేదు డాడీ" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.