గొట్టంలో పంతొమ్మిది దెబ్బలు

రేకుల కప్పుకి బొక్క ఎవరైనా పెడతారు. ఆ బొక్కలోంచి గాలి గొట్టం పైకి తీసినాక, దాని చుట్టూ చుక్క నీళ్లు దిగకుండా మూయడం ఉండాది చూడండి, అదీ పనంటే. పుత్తూరు, కార్వేటినగరం, చిత్తూరు చుట్టుపక్కల ఎవరి కప్పు కారినా గోవిందస్వామికే ఫోను కొడతారు. ముప్పై ఏండ్లుగా ఆయనకి అదే కూడు పెట్టింది. గొట్టానికి రబ్బరు పట్టీ తొడగాల. రేకు వంపులకి తగినట్టు దాన్ని వేళ్లతో అదమాల. అంచు పొడుగునా గమ్ము పోసి, స్క్రూలు బిగించి, కడాన పైన టోపీ పెట్టాల. టోపీ లోపల ఆయన మార్కరు పెన్నుతో ఆ పొద్దు తేదీ రాస్తాడు. రేపు ఎవరన్నా కారతా ఉండాదని గలాటాకి వస్తే, అది ఎన్ని వానలు తట్టుకునిందో విప్పి చూపించొచ్చు.

ఈ పనికి పైన ఒకరు, లోపల ఒకరు ఉండాల. లోపలి మనిషి గొట్టాన్ని నిట్టనిలువుగా నిలబెట్టి క్లాంపు బిగిస్తాడు. ఫ్యాక్టరీ మిషన్ల మోతలో గొంతు చించుకున్నా ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకని గోవిందస్వామి, ఆయన బామ్మర్ది ఢిల్లీబాబు ఒక గుర్తు పెట్టుకున్నారు. పైనుంచి గొట్టం మీద ఒక్క దెబ్బ పడితే ‘మూసేదా?’ అని అడిగినట్టు. లోపలనుంచి మూడు దెబ్బలు వస్తే ‘అంతా సరిగ్గా ఉండాది, మూసెయ్’ అని చెప్పినట్టు. పదేండ్లు ఇద్దరూ అట్లనే పని చేసినారు.

ఢిల్లీబాబు, అంటే గోవిందస్వామి భార్య రేవతికి తమ్ముడు, ఒట్టి వెటకారం మనిషి. మూడు దెబ్బలు కొట్టి ఊరుకుంటాడా? చేతిలో స్పానరు ఉంటే చాలు, గొట్టం మీద డప్పు వాయించినట్టు వాయిస్తాడు. పైన బావ కోపంతో పండ్లు కొరుక్కుంటా ఉంటే కింద వానికి అదొక సంతోషం.

ఆ వెటకారమే వాణ్ణి తినేసిందని గోవిందస్వామి తనకి తాను చెప్పుకుంటాడు. నిజం అది కాదని ఆయనకీ తెలుసు.

పోయిన ఏడాది జూన్. చిత్తూరు రోడ్డులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. కాయ మాగబెట్టే గది మీద పాత గొట్టం తుప్పు పట్టి కారతా ఉంటే, దాన్ని గాలి కూడా దూరకుండా మూసెయ్యమన్నారు. ఫ్యాను ఉండే కొత్త గొట్టం మర్నాడు వస్తుందన్నారు. గదికి తలుపు ఒక్కటే, దానికి చుట్టూ రబ్బరు, గొళ్లెం బయటపక్క. లోపల నేలనుంచి కప్పు దాకా తోతాపురి కాయల క్రేట్లు. మాగే కాయ మనిషి మాదిరే గాలి పీల్చుకుంటుంది. ఆ గాలి గొట్టం మూతబడితే ఆ గదిలో మనిషికి మిగిలేది తక్కువే.

గోవిందస్వామి పైనుంచి ఒక దెబ్బ కొట్టినాడు. మూడు దెబ్బలు వచ్చినాయి. టోపీ పెట్టినాడు. మొదటి స్క్రూ బిగిస్తా ఉండగా కిందనుంచి మళ్లీ మొదలయ్యింది. వీని డప్పు మొదలయ్యిందిరా నాయనా అనుకున్నాడు. అన్నం పొద్దు దాటింది, పడమట మోడం ఎక్కతా ఉండాది, గమ్ము ఆరకముందే వాన పడితే పనంతా పాడు. ఒకటి, రెండు, మూడు అని ఊరికే లెక్కపెడతా పని చేసినాడు. మొదట గబగబా వచ్చినాయి. పది దాటినాక నిదానమైనాయి. ఇదేంది, వాయింపు మాదిరి లేదే అని ఒక్క గడియ ఆయన చెయ్యి ఆగింది.

ఆగి, మళ్లీ స్క్రూ తిప్పింది.

పంతొమ్మిదోది వినీ వినపడనట్టు వచ్చింది. ఇరవయ్యోది రాలేదు.

దిగినాక వాడు కనపడకపోతే, అన్నానికి పోయినాడులే అనుకున్నాడు. తలుపు గాలికి మూసుకొని గొళ్లెం దానంతట అదే పడిందని సాయంత్రం కూలోళ్లు తెరిచినప్పుడు తెలిసింది. పోలీసులకి, అత్త మునిరత్నమ్మకి, రేవతికి గోవిందస్వామి చెప్పింది ఒకటే మాట. మూడు దెబ్బలే విన్నాను, మూసినాను. రేవతి ఆ మాట నమ్మింది. తమ్ముని కర్మకాండ అయిన నెలకి వాని స్పానరు చీర కొంగుతో తుడిచి, ఇంక నీ పనికి లోపలి మనిషిని నేనే మామా అనింది. మూడంటే మూడే కొడుతుంది ఆమె, నాలుగోది కొట్టదు. ఆ మూడు విన్నప్పుడల్లా గోవిందస్వామి నాలుగోది వస్తుందేమోనని చెవి పెట్టి వింటాడు. ఈమెకి చెప్పాల, ఈ పొద్దే చెప్పాల అనుకుంటాడు. చెప్తే ఆమె ఉండదని తెలిసి నోరు మూసుకుంటాడు.

ఈ ఏడాది నవంబరులో తుఫాను వస్తా ఉండాదని టీవీలో చెప్పిన పొద్దు ఫోను మోగింది. ఎత్తింది రేవతి. ఆ ఫ్యాక్టరీ మేనేజరు రూపేష్. ఆ గదిలో ఇప్పుడు గుజ్జు డ్రమ్ములు పెట్టినారంట. మూసిన గొట్టంలోంచి నీళ్లు కారతా ఉండాయంట. వాన పడితే సరే, ఎర్రటి ఎండలో కూడా కారతా ఉండాయి, మీరు మూసింది మీరే చూడండని అన్నాడంట. రేవతి వస్తామని చెప్పేసింది. మోకాలు నొప్పని, గాలి ఎక్కువగా ఉండాదని, రేపు చూస్తామని గోవిందస్వామి నాలుగు సాకులు చెప్పినాడు.

“నా తమ్ముడు పోయిన చోటు నేను ఒక్కసారన్నా చూడొద్దా మామా?” అనింది ఆమె.

గోవిందస్వామి బండి తీసినాడు.

వాళ్లు పోయేసరికి మూడు గంటలు. మూడుకే మాపటేళ మాదిరి మబ్బు కమ్మేసింది. కాయల కాలం కాదు గదా, మిషన్లు ఆపేసినారు, మనుషుల్లేరు. రూపేష్ ఆ గది తలుపు తీసిపెట్టి, ఆఫీసులో ఉంటానని చెప్పి గేటు పక్కకి పోయినాడు. గోవిందస్వామి నిచ్చెన వేసుకొని పైకెక్కినాడు. అంత పెద్ద కప్పు మీద ఆయనొక్కడే. గాలికి ఎక్కడో ఒక రేకు అంచు టపటపమంటా ఉండాది. ఆ శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

గొట్టం రెండడుగుల ఎత్తున నిలబడి ఉండాది. బయట గమ్ము చెక్కు చెదరలేదు. ఎండకి పగల్లేదు, అంచు లేవలేదు. తను చేసిన పనిలో ఇంత మంచి పని ఇంకొకటి లేదనిపించింది. నాలుగు స్క్రూలు విప్పి, వరసగా రేకు మీద పెట్టి, టోపీ పైకి లేపినాడు.

వాసన కొట్టింది. మాగిన తోతాపురి వాసన... తియ్యగా, వెచ్చగా, అప్పుడే లోపల ఎవరో ఊపిరి వదిలినట్టు. నవంబరులో చిత్తూరు జిల్లా మొత్తం వెతికినా ఒక్క మాగిన కాయ దొరకదు. ఆయన టోపీ తిరగేసినాడు. తన చేతిరాతే, జూన్ పద్నాలుగు. దాని చుట్టూ గమ్ములో లోపలపక్క గుంటలు పడి ఉండాయి. ఒక్కొక్కటి వేలి కొన అంత. నాలుగు ఒక పక్క, ఒకటి ఇంకో పక్క. గట్టిగా అదిమినట్టు ఉండాయి.

ఆ గొట్టం నాలుగంగుళాలు. కింద నేలనుంచి దాని మూతి దాకా పద్దెనిమిది అడుగులు. ఏ మనిషి చెయ్యి అంత దూరం రాదు.

అయినా పదేండ్ల అలవాటు ఉండాది చూడండి, అది మనిషిని ఆలోచించనియ్యదు. స్క్రూడ్రైవరు పిడితో గోవిందస్వామి గొట్టం మీద ఒక్క దెబ్బ కొట్టేసినాడు.

టక్... టక్... టక్.

అమ్మయ్య, రేవతి లోపలికి పోయిందిలే అనుకొని కిందికి చూసినాడు. రేవతి బండి దగ్గర ఉండాది. సంచిలోంచి టార్చిలైటు తీస్తా ఉండాది.

“పోవద్దు... లోపలికి పోవద్దు రేవతీ...” అరిచినాడు. ఎదురుగాలికి ఆ మాట కిందికి చేరలేదు. ఆమె పైకి చూసి, సరేనన్నట్టు చెయ్యి ఊపి, టార్చి వేసుకొని గదిలోకి పోయింది. వెంటనే ఒక గాలి వచ్చింది. కింద తలుపు దభీమని పడింది.

ఆ తర్వాత మొదలయ్యింది.

ఒకటి. రెండు. మూడు. ఆగలేదు. నాలుగు, ఐదు. గబగబా వస్తా ఉండాయి, ఆ పొద్దు వచ్చినట్టే. గోవిందస్వామి నిచ్చెన పక్క చూసినాడు. వాడే. నన్నే పిలస్తా ఉండాడు. నేను దిగి పోతే ఆ గదిలో నన్ను పెట్టుకుంటాడు... ఎనిమిది. తొమ్మిది. పది. ఇప్పుడు నిదానమైనాయి. ఆయన చేతిలో టోపీ ఉండాది. ఆ చెయ్యి మెల్లగా పైకి లేచింది. ఆయన చెప్పలేదు దానికి. టోపీ గొట్టం మీద కూర్చునింది. దాని కిందనుంచి పదమూడు... పద్నాలుగు... అరచేతికి ఆ దెబ్బ తగలతా ఉండాది. అణిచి పట్టుకున్నాడు. పంతొమ్మిదికి ఆగిపోతుంది. పంతొమ్మిది దాకా పట్టుకుంటే చాలు.

పదిహేడు.

పద్దెనిమిది.

పంతొమ్మిది... వినీ వినపడనట్టు.

ఆగింది. గోవిందస్వామి కండ్లు మూసుకున్నాడు. మొదటి వాన చుక్క ఆయన మెడ మీద పడింది.

టక్.

ఇరవై.

ఆ పొద్దు ఇరవయ్యోది లేదు. రాలేదు. వాడు ఇరవై కొట్టలేదు, కొట్టడానికి వానిలో ప్రాణం లేదు. అయితే ఇది కొడతా ఉండేది ప్రాణంతో ఉండే మనిషి... రేవతి!

టోపీ విసిరేసి నిచ్చెన మీద జారినాడో, దూకినాడో ఆయనకే గుర్తు లేదు. తలుపు గొళ్లెం పడి ఉండాది. లాగితే రబ్బరు అతుక్కొని రాలేదు. కాలు గోడకి తన్ని, రెండు చేతులా లాగితే వచ్చింది. ఊపిరాడనియ్యని పులిసిన గుజ్జు కంపు మొహాన కొట్టింది. ఒక డ్రమ్ము పగిలి నేలంతా పారి ఉండాది. రేవతి గడప వెనకనే పడి ఉండాది. బయటికి ఈడ్చి వానలో కూర్చోబెడితే, కొంతసేపటికి దగ్గి దగ్గి ఊపిరి తీసుకునింది. అరచేతులు రెండూ తలుపు బాది బాది వాచిపోయి ఉండాయి.

గోవిందస్వామి ఏడ్చేసినాడు. మంచి పని చేసినావు తల్లీ, గొట్టం కొట్టి మంచి పని చేసినావని ఆమె తల నిమిరినాడు.

రేవతి ఆయన మొహంలోకి చూసింది.

“నేను గొట్టం కొట్టలేదు మామా. టార్చి పడిపోయింది. గొట్టం యాడుండాదో కూడా నాకు కనపళ్లేదు.”

“మరి...”

“నేను తలుపు బాదతా ఉన్నా. పక్కన ఎవరో వచ్చి నిలబడినారు.” ఆమె గొంతు చాలా మెల్లగా ఉండాది. “అరవొద్దక్కా, నేను కొడతాను అన్నాడు. బావకి ఇనిపిస్తాదిలే అన్నాడు... ఆ పొద్దు కూడా ఇన్నాడు అన్నాడు.”

వాన పెద్దదయ్యింది.

“ఆ పొద్దు ఎన్నిసార్లు కొట్టినాడు?” అనింది రేవతి.

ఇంక దాచడానికి ఏముండాది?

“పంతొమ్మిది.”

ఆమె లేచి, గోడ పట్టుకొని నిలబడి, గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. పుట్టింటికి పోయే కార్వేటినగరం బస్సు వస్తే ఎక్కేసింది. తమ్ముని స్పానరు ఆమె సంచిలోనే పోయింది.

నాలుగు రోజులు గోవిందస్వామి ఇల్లు కదల్లేదు. అత్తగారింటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. నాలుగో పొద్దు సాయంత్రం రూపేష్ ఫోను చేసి తిట్టినాడు. గొట్టం నోరు తెరిచి పెట్టి పోయినారు, వానంతా డ్రమ్ముల మీదికి దిగింది, కనీసం ఆ టోపీ అన్నా పెట్టి పోకూడదా అన్నాడు. పైనే ఉండాది, రేకు మీదే పారేసినానని గోవిందస్వామి అంటే, పైనా లేదు కిందా లేదు, మనుషుల్ని పెట్టి వెతికించినాను అన్నాడు.

ఫోను పెట్టేసినాక గోవిందస్వామికి తన ఇంటి బాత్రూము గుర్తుకొచ్చింది. అది కూడా రేకుల కప్పే. గాలి గొట్టం ఆయన చేత్తో పెట్టిందే, టోపీ లేదు, సన్న జాలీ మాత్రం కట్టి ఉండాది. ఎప్పుడూ ఆ గొట్టంలోంచి కొంచెం వెలుతురు నేల మీద రూపాయి బిళ్లంత పడతా ఉంటుంది. ఆయన పోయి తలుపు తీసి చూసినాడు. నేల మీద వెలుతురు లేదు.

లోపలికి పోయి తల పైకెత్తినాడు. గొట్టం నల్లగా ఉండాది. కొంచెం కొంచెంగా కండ్లు అలవాటు పడినాక, పైన మూతలో ఏదో రాత కనపడింది. తన చేతిరాత. జూన్ పద్నాలుగు. అంచు చుట్టూ సన్నటి సందు ఉండాది. స్క్రూలు ఇంకా బిగించలేదు.

మాగిన కాయ వాసన వచ్చింది. వెనక తలుపు దానంతట అదే పడింది.

పైనుంచి గొట్టం మీద ఒక్క దెబ్బ పడింది.

గోవిందస్వామి కదల్లేదు. ఊపిరి కూడా తీయలేదు. నేను చెప్పను, నేను జవాబు చెప్పకపోతే మూయడు అనుకున్నాడు. రెండు చేతులూ చంకల కింద పెట్టుకొని బిగపట్టుకున్నాడు.

చీకట్లో ఆయన భుజం పక్కనుంచి ఎవరో చెయ్యెత్తి, పైన గొట్టం మీద, స్పానరుతో కొట్టినట్టు మూడు దెబ్బలు పడినాయి.

పైన మొదటి స్క్రూ తిరగడం మొదలయ్యింది.