ఎడమ ఫిన్ లేని పడవ

మిఠాయి కొట్టు వెనక గదిలో దొరైసామి కడలై మిఠాయి, అంటే పల్లీ చిక్కీ, పొట్లం విప్పాడు. లోపల మిఠాయి లేదు. ఒక ఫోటో ఉంది.

కోవిల్‌పట్టి బజారులో ఆ కొట్టుకి రోజంతా జనమే. కానీ "బెల్లం తక్కువైందే" అని అడిగి, "వానల్లేవు గదా" అన్న జవాబు రాబట్టుకున్నవాళ్ళకే ఈ గది తలుపు తెరుచుకుంటుంది. వాసుకి ఆ మాట అడిగి ఏడేళ్ళయింది. ఇవాళ మళ్ళీ అడిగి లోపలికొచ్చింది.

"వచ్చేది కాదు, ఆపై ఆదివారం సాయంత్రం నాలుగింటికి" అన్నాడు చీఫ్ దొరైసామి. "ఆలంగుళం దారిలో పాడుబడిన సున్నపురాయి గని. నీళ్ళు నిండి చెరువైంది. అక్కడ రిమోట్ పడవల పందెం. చీఫ్ గెస్ట్ డాక్టర్ తమిళ్‌సెల్వి."

"సబ్‌మెరైన్ల చప్పుడు పసిగట్టే యంత్రం చేసినావిడ?"

"ఆవిడే. డ్రమ్ముల మీద తేలే వేదిక పైన కూర్చుంటుంది. పందెం పడవల్లో ఒకదాని ముక్కులో పేలుడు మందు. విదేశీ ముఠా పని."

"జామర్ పెడితే?"

"సిగ్నల్ తెగితే జీపీఎస్ పట్టుకుని తనంతట తానే వేదిక మీదికి పోతుంది."

"పందెం ఆపేస్తే?"

"మనకి తెలియని ఊళ్ళో, తెలియని రోజున కొడతారు. డాక్టరమ్మకి అంతా చెప్పాం. అయినా వస్తానంది. ఒడ్డున మన మనుషులుంటారు. నీళ్ళ మీద మాత్రం నువ్వొక్కదానివే."

"ఫోటో ఎవరిచ్చారు?"

"సింధుజ. రేసింగ్ ఛాంపియన్. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తోంది. ఏడో నంబరు పడవ అంటోంది."

వాసుకి కళ్ళజోడు సర్దుకుని ఫోటో చూసింది. బల్ల మీద బోర్లించిన పడవ, పక్కనే ఊడదీసిన మూత. మూత లోపలివైపు, ఎవరి కంటా పడని చోట, ఎర్రటి బొట్టు.

ఆమె ఫోటోని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది.

కొత్త యంత్రానికి బొట్టు అందరూ పెడతారు. కనపడేలా పెడితే దాని మీదే దిష్టి పడుతుందని లోపల దాచి పెట్టే ఇల్లు ఆమెకి తెలిసి ఒక్కటే. విరుదునగర్‌లో జానకియమ్మాళ్ ఇల్లు. ఆ ఇంటి కొడుకు సెల్వకుమార్, వాసుకి జోడీ ఏజెంట్. ఏడేళ్ళ కిందట వేంబార్ సముద్రపు ఒడ్డున తెల్లవారుతుండగా, ఇంజన్ పడవలో కూర్చుని అతని కోసం ఎదురుచూసింది. మూడు నిమిషాలు చూసి కదలమని ఆర్డరు. కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున చెయ్యెత్తి నిలబడ్డ మనిషో, మొండి తాటిచెట్టో. ఏదన్నది ఈరోజుకీ ఆమెకి తెలియదు.

"ఇది సెల్వకుమార్ చేసిన పడవ సార్."

"చచ్చిపోయినవాడు పడవలు చెయ్యడు వాసుకీ."

"చావు ఎవరు చూశారు?"

దొరైసామి ఖాళీ పొట్లాన్ని మడత పెట్టాడు.

ఆమె ఇంకోటి కూడా చూసింది, చీఫ్‌కి చెప్పలేదు. పందెం పడవలన్నీ గడియారం ముల్లులా కుడికే తిరుగుతాయి. అందుకని కుడి పక్కన కత్తిలాంటి రేకు ఒకటి బిగిస్తారు. ఫిన్ అంటారు. మలుపులో అది నీటిని కరిచి పట్టుకుంటుంది. సెల్వకుమార్ మాత్రం ఎప్పుడూ రెండు పక్కలా బిగించేవాడు.

"రెండోది దండగరా, స్పీడు చస్తుంది" అనేది ఆమె.

"ఎడమకి తిరగాల్సొస్తే?"

"ఎందుకొస్తుంది?"

"ఏమో అక్కా. ఉండనీ."

ఫోటోలో పడవకి ఎడమ ఫిన్ లేదు. మిగతావాళ్ళకి అది మామూలు పడవ. వాసుకికి అది ఉత్తరం. *దీన్ని ఎడమకి తిప్పు, పల్టీ కొడుతుంది.* కానీ తయారుచేసినవాడే లోపం పెట్టాడని ముఠాకి అనుమానం వచ్చిందా, ఆ సాయంత్రమే అతన్ని చంపేస్తారు. అది తెలిసే రాశాడు ఉత్తరం.

*

పన్నెండు రోజుల గడువు. జానకియమ్మాళ్ ఇంటి వెనక గదిలో వాసుకి పడవ కట్టింది. పడవ ఒంటికి ఫైబర్ గ్లాస్ హల్, బ్రష్‌లెస్ మోటారు, రెండు లిపో బ్యాటరీలు. ప్రొపెల్లర్ రెక్కల్ని ఆకురాయితో గీకి, సన్నటి కడ్డీ మీద వేలాడదీసి, ఏ పక్కకీ వాలకుండా నిలబడేదాకా మళ్ళీ గీకింది. నాగలాపురం దగ్గర ఒక పొలం కుంటలో మొదటిసారి వదిలితే పడవ కప్పలా గెంతింది. బ్యాటరీల్ని వేలెడు ముందుకి జరిపింది. గెంతడం ఆగింది, కానీ ముక్కు నీళ్ళకి అతుక్కుని స్పీడు చచ్చింది. సగం వెనక్కి తెచ్చింది. ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టుని ఒక్క వెంట్రుక పైకి వాల్చింది. అప్పుడు లేచింది పడవ. నీళ్ళని తాకీ తాకనట్టు, గంటకి నూటపది కిలోమీటర్లు.

దానికి ఫిన్నులు రెండు. రెండు పక్కలా.

జానకియమ్మాళ్ గుమ్మంలో కూర్చుని చూసేది. కొడుకు దూరదేశంలో ఉద్యోగంలో ఉండాడని ఆమెకి చెప్పింది వాసుకే. ఏడేళ్ళుగా శుక్రవారం శుక్రవారం వచ్చి ఆ అబద్ధాన్ని మళ్ళీ చెప్పి, అన్నం తిని పోతోంది.

"పాపా, వాడు ఆ పొద్దు నీతో పోయొస్తా అన్నాడా, పోతా అన్నాడా?"

"పోయొస్తా అన్నాడమ్మా."

"అట్లయితే వస్తాడు." ముసలామె లేచొచ్చి కుంకుమ బరిణె తెరిచింది. "మూత తిప్పు. లోపక్క పెడతా."

*

ఆదివారం. రిటైర్డ్ సైన్స్ టీచర్ పుష్పం అనే పేరుతో, తెల్లరంగు వేసిన జుట్టుతో వాసుకి గని ఒడ్డుకి వచ్చింది. చెవిలో వినికిడి మిషను. అదే రేడియో.

సింధుజ ఎర్ర జాకెట్టు, నల్ల కళ్ళద్దాలు. చుట్టూ కెమెరాలు.

"ఆంటీ, పడవ మనవడిదా?"

"నాదే పాపా. యూట్యూబ్ చూసి చేసినా."

"అయ్యో! వేళ్ళు జాగ్రత్త. ప్రొపెల్లర్‌కి ముసలీ పడుచూ తెలియదు."

"మంచి పిల్లవి. ఇంద, మిఠాయి తిను."

సింధుజ నవ్వి పొట్లం జాకెట్టు జేబులో పడేసింది. పొట్లం అడుగున మైకు ఉంది. నమ్మినవాళ్ళకి కూడా వాసుకి మైకు పెడుతుంది. అది ఆమె అలవాటు.

నాలుగయింది. పడవలన్నీ నీళ్ళలో దించారు. దొరైసామి మనుషులందరి కళ్ళూ ఏడో నంబరు మీదే. వాసుకి కూడా దాన్నే చూసింది. తూకంగా, సమంగా తేలుతోంది. పక్కన సింధుజ నాలుగో నంబరు. దాని ముక్కు వేలెడు కిందికి దిగి ఉంది.

ఛాంపియన్ పడవ. ముక్కు బరువుతో పందేనికి దిగుతుందా? పైన రంగు కొత్తది. కింద ఆకారం మాత్రం ఫోటోలోదే, కుడి ఫిన్ ఒక్కటే.

"సార్, ఏడు కాదు. నాలుగు. సింధుజ మన మనిషి కాదు."

చెవిలో దొరైసామి గొంతు. "పట్టుకోమంటావా?"

"వద్దు! ఆమె బొటనవేలు పేల్చే బటన్ మీద ఉంది. నాకు వదిలేయండి."

విజిల్ మోగింది.

నాలుగో నంబరు దూసుకుపోయింది. అవతలి గట్టు దాకా నేరుగా వెళ్ళి, అక్కడ కుడికి మళ్ళితే ఎదురుగా వేదిక. వేదిక పైన తమిళ్‌సెల్వి చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంది. గుద్దితే మందు పేలొచ్చు. తాకకూడదు. వాసుకి రిమోట్ ట్రిగ్గర్ చివరిదాకా నొక్కి తన పడవని దాని కుడి పక్కకి తెచ్చింది. జానెడు దూరం. కుడి దారి మూసుకుపోయింది.

"ఓయ్ ఆంటీ! పక్కకి తియ్!"

"ఏది నొక్కాలి పాపా? బ్రేకు ఎక్కడుంది దీనికి?"

వేదిక ముప్పై మీటర్లు. సింధుజ పళ్ళు కొరికి, ముసలిదాని పడవని చుట్టి పోదామని రిమోట్ చక్రం ఎడమకి తిప్పింది.

కరిచి పట్టుకునే ఫిన్ ఆ పక్కన లేదు. పడవ జారింది, బరువు ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది, గాలిలోకి లేచి బోర్లా పడింది. సింధుజ బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. నీళ్ళలో మునిగిన యాంటెన్నాకి ఏ మాటా వినపడదు. పగిలిన హల్‌లోకి నీళ్ళు చొరబడ్డాయి. నాలుగో నంబరు ఎనభై అడుగుల లోతుకి దిగిపోయింది.

ఒడ్డంతా కేకలు. రేస్ డైరెక్టర్ అందరి ముందూ వాసుకిని దులిపేశాడు. ఆమె తలవంచుకుని ఏడ్చింది. నటించాల్సిన పని పడలేదు. వినికిడి మిషనులో సింధుజ ఫోన్ మాటలు వినపడుతున్నాయి, ఒక్కొక్కటీ ఆమె గుండె మీద పడుతోంది.

"పడవ తప్పేం లేదు. ఒక పిచ్చి ముసలిది అడ్డమొచ్చింది... లేదు, వాణ్ణేం చెయ్యొద్దు. వాడే ఇంకోటి చెయ్యాలి. నేను అక్కడికే వస్తున్నా."

వాడు. ఉన్నాడు.

*

నాగలాపురం అవతల, నల్లరేగడి చేల మధ్య ఒక రేకుల షెడ్డు. వాసుకి పడవని నడిపి చూసిన కుంటకి మైలు దూరం. సింధుజ కారు లోపలికి పోయింది. వెనకే కమాండోలు. వాసుకి వ్యాన్ స్టీరింగ్ ముందు, ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చుంది.

"మూడు నిమిషాలు. రాకపోతే వ్యాన్ వెనక్కి తియ్" అన్నాడు చీఫ్ చెవిలో.

లోపల రెండు తుపాకీ చప్పుళ్ళు. తర్వాత ఏమీ లేదు. ఎండ రేకుల మీద వాలింది.

మూడో నిమిషం దాటింది. వాసుకి ఇంజన్ ఆపింది. తాళం తీసి కిటికీలోంచి చేలోకి విసిరేసింది. వినికిడి మిషను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఐదు. ఎనిమిది. కమాండోలు సింధుజని చేతులు కట్టి తీసుకొచ్చారు. ఆ వెనక ఎవరూ లేరు. వాసుకి కళ్ళు మూసుకుంది. వేంబార్ ఒడ్డున తాటిచెట్టు కనపడింది.

పదకొండో నిమిషంలో ఎవరో కిటికీ తట్టారు. నెరిసిన గడ్డం, కుంటి కాలు, గోళ్ళ కింద గ్రీజు.

"లేటయిందా అక్కా?"

ఆమె పక్క తలుపు తెరిచింది. "ఎక్కు. మీ అమ్మ అన్నం పెట్టుకుని కూర్చుంది" అంది.

తర్వాత ఇద్దరూ వంగి, చీకటి పడేదాకా ఆ చేలో వ్యాన్ తాళం వెతికారు.

వారానికి టీచర్ పుష్పం పేర రేస్ కమిటీ ఉత్తరం వచ్చింది. నిర్లక్ష్యంగా పడవ నడిపినందుకు ఏడాది నిషేధం. పడవకి అనవసరంగా రెండు ఫిన్నులు బిగించినందుకు హెచ్చరిక.