చైన్ ఇవ్వని కంపెనీ

ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి తిరుపతిలో వాన దంచి కొడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బరువైన సంచి, చంకలో సగం తడిసిన పేపరు. సంచి కింద పెట్టి, పేపరు తెచ్చి నా టేబుల్ మీద పరిచింది.

"ధనంజయ అంటే ఎవరండీ?"

నేను కాలరు సర్దుకున్నాను. రెండు వేల ఒకటో సంవత్సరం అది. జిల్లా ఎడిషన్‌లో రిపోర్టరుగా చేరిన ఆరు నెలలకు, నా పేరుతో మొదటి వార్త ఆ ముందు రోజే అచ్చయింది. మెచ్చుకోవడానికి ఇంత అందమైన అమ్మాయి వానలో వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"నేనేనండీ. కూర్చోండి."

"కూర్చోను. ఇది రాసింది మీరేనా?"

'బంగారు చైన్ పేరిట మహిళలకు టోకరా.' ఆ హెడ్డింగ్ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. స్వర్ణధార అనే కంపెనీ ఇంటింటికీ తిరిగి సబ్బులు, నూనెలు అమ్ముతూ, నలుగురికి చెబితే బంగారు చైన్ ఇస్తామని ఎగ్గొట్టిందని ఒక వృద్ధురాలు కన్నీళ్లతో చెప్పినట్టు రాశాను. కన్నీళ్లు మాత్రం నేను చేర్చినవి.

"నా పేరు ప్రసన్నకుమారి. తిరుపతిలో స్వర్ణధార అంటే నేనే. నాతో నలభై మంది ఆడోళ్లు పని చేస్తాండారు. మేము ఎవరికి ఇస్తామన్నాం సార్, బంగారు చైన్?"

"సోర్సు చెప్పకూడదండీ."

"చెప్పొద్దు. రాసే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగొచ్చు కదా?"

నాకు రోషం వచ్చింది. "ఇలాంటి గొలుసుకట్టు కంపెనీలు చాలా చూశాం లెండి. ముందు డబ్బు కట్టమంటారు, తర్వాత మనుషుల్ని తెమ్మంటారు."

"మా దాంట్లో చేరేదానికి రూపాయి కట్టే పని లేదు. మనిషిని చేర్పిస్తే పైసా రాదు. సరుకు అమ్మితేనే కమీషన్. నచ్చకపోతే నెల లోపల వాపసు, సీల్ తీసినా సరే. ఇందులో మోసం యాడుండాదో చూపించండి, సంచి ఈడే వదిలేసి పోతా."

ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"మా నాయన ఆదిమూలం. ముప్పై ఏండ్లు తిరుమల ఘాట్‌లో బస్సు నడిపినాడు. బండికి ఒక్క గీత పడనియ్యలే. మీ పేపరు చదివి, నీ పేరుకు గీత పడిందే అన్నాడు. ఆదివారం లోపల ఈ మాట పోకపోతే పని మానేయమన్నాడు. ఈ రోజు బుధవారం సార్."

అంతే, సంచి ఎత్తుకుని వానలోకి దిగిపోయింది. పక్క టేబుల్ సబ్ ఎడిటర్ నా వైపు జాలిగా చూశాడు.

నేను నేరుగా బైరాగిపట్టెడలో మా ఇంటికి పోయి మా అవ్వ ముందు కూర్చున్నాను. ఆ వృద్ధురాలు మా అవ్వ దేవకమ్మే మరి. సోర్సు కోసం నేను ఇంటి గడప దాటలేదు.

"అవ్వా, చైన్ ఇస్తామని నీకు చెప్పిందెవరు?"

"ఆ పొడుగు జడ పాపేరా. నా మోకాళ్లకు నూనె తెచ్చిచ్చిందే, ఆ పాప. బాగుండాది మే అంటే, 'అట్టయితే ఇంకొకరికి చెప్పవ్వా. వాళ్లు ఇంకొకరికి చెప్తారు, అట్ట చైన్ వస్తాది' అన్నింది. నేను చంద్రకాంతమ్మకు చెప్పినా. ఆమె వాళ్ల వదినకు చెప్పింది. మూడు నెల్లుగా కాసుకోనుండా. యాడొచ్చిందిరా చైను?"

నేను తల పట్టుకున్నాను.

"అవ్వా, అది మెళ్లో వేసుకునే చైన్ కాదు. ఒకరి తర్వాత ఒకరు కొనేదాన్ని చైన్ అంటారు."

"ఆ పాటికి వరస అనొచ్చు కదా! పైగా కంపెనీ పేరు సూడు, స్వర్ణధార. నేనేమనుకోవాల?"

మరునాడు కొర్లగుంటలో ప్రసన్న సరుకు పెట్టుకునే గది వెతుక్కుంటూ పోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె సబ్బుల పెట్టె మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"చైన్ అనింది నేనే ధనంజయగారూ. మా మీటింగుల్లో అనీ అనీ అలవాటైపోయింది. సగం తప్పు నాది."

"మిగిలిన సగం నాది. రేపు సవరణ వేయిస్తున్నాను."

వేయించాను. పోయిన సర్టిఫికెట్ల ప్రకటనకూ టెండరు నోటీసుకూ మధ్య రెండే రెండు లైన్లు. శుక్రవారం పొద్దున ఆమె దాన్ని వెతకడానికి చాలాసేపు పట్టింది.

"ఇది ఎవరు చదువుతారు? మీ వార్త వీధి వీధికీ పోయింది. సవరణ కూడా వీధి వీధికీ పోవాల. మేము సరుకు ఎట్ట అమ్ముతామో అట్ట. తలుపు తట్టి, మొహం చూపించి చెప్పాల."

"ఎవరు చెప్పాలి?"

"రాసినోళ్లు."

అలా సంచి నా భుజానికెక్కింది. ఒక్కో తలుపు ముందు నిలబడి, 'ఆ వార్త రాసింది నేనేనమ్మా. విచారించకుండా రాశాను, తప్పు నాదే' అనడం మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. పదో ఇంటికి అలవాటైంది. ఒకామె అంతా విని, "అయితే చైన్ లేనట్టేనా?" అని దిగులుపడింది. ఇంకొకామె మమ్మల్ని ఎగాదిగా చూసి, "కొత్తగా పెండ్లయిందా?" అంది. ఇద్దరం ఒక్కసారే "కాలేదు" అన్నాం. "మరి బిన్నా చేసుకోండి, ఆలస్యమెందుకు" అని ఆమె తలుపేసుకుంది. ఆ తర్వాత రెండు వీధులు ప్రసన్న నా మొహం చూడలేదు.

వాన మళ్లీ పట్టుకుంది. టీ కొట్టు రేకుల కింద నిలబడ్డాం.

"మీకు ఆఫీసు లేదా?"

"లీవు పెట్టాను. కడుపు నొప్పని రాశాను."

"అబద్ధాలు రాసేది ఇంకా మానలేదా మీరు?" అని నవ్వింది.

ఆ నవ్వుకు నా చేతిలో టీ చల్లారిపోయింది.

శనివారం ఒక ఇంటావిడ అడుగున రవంత మిగిలిన నూనె సీసా తెచ్చి, పేపరు చదివాక భయమేస్తోంది, వాపసు తీసుకోమంది. ప్రసన్న మారు మాట్లాడకుండా తీసుకుని, డబ్బు తిరిగిచ్చి రసీదు రాసిచ్చింది. వీధి మలుపు తిరిగాక నేను ఆగలేకపోయాను.

"మూడు వంతులు వాడేసింది కదండీ!"

"వాపసు తీసుకుంటామని చెప్పినాం. వంతుల సంగతి చెప్పలే కదా. ఈ మాట నిలబెట్టుకోకపోతే మీరు రాసింది నిజమైపోతాది."

ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది సరిగ్గా అక్కడే. అంతవరకూ అందం మీద మోజు. ఇది వేరే.

ఆదివారానికి ఒక్క వీధే మిగిలింది. ప్రసన్న వాళ్లది. భయపడి దాన్ని చివరికి పెట్టుకుంది. ఆదిమూలం గారు ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. అటూ ఇటూ ఇళ్ల గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడ్డారు. నేను నా పాఠం అప్పజెప్పాను. ఆయన కదలకుండా విన్నాడు.

"ఆ రోజు విచారించకుండా చెడ్డదని రాస్తివి. ఈ రోజు నా బిడ్డ మీద ఇష్టం పుట్టి మంచిదంటాండావు. నీ కండ్లు చూస్తే తెలస్తానే ఉండాది. నీ మాట ఎవరు నమ్మాలప్పా?"

ఇష్టం అబద్ధమని చెప్పలేను. ప్రసన్న తల దించుకుని సంచి అందుకోబోయింది.

అప్పుడే వీధిలో ఆటో ఆగింది. అందులోంచి మా అవ్వ మోకాళ్లు పట్టుకుని దిగింది. చివరి వీధి ఏదో పొద్దున నేనే ఆమెకు చెప్పి వచ్చాను.

"ఈన్ని కాదబ్బా, నన్నడగండి! ఆ పేపర్లో ముసల్దాన్ని నేనే!"

వీధంతా చుట్టూ చేరింది. అవ్వ నడి వీధిలో నిలబడి, చైన్ కోసం మూడు నెలలు ఎట్ట కాసుకోనున్నదీ, చంద్రకాంతమ్మతో ఆ చైన్ బంగారం ఎన్ని సవర్లుంటాదని వాదులాడుకున్నదీ, అంతా చెప్పింది. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. నేను తప్పుగా ఇన్నా. వీడు తప్పుగా రాసినాడు. ఆ పాప మాత్రం ఒక్క అబద్ధం చెప్పలే. చైన్ రాలేదని నేను అంత కోపంలో ఉండి కూడా, ఆ నూనె ఒక్క పూట మానలేదమ్మా. ఇదో, ఆటో దిగి నడిచొచ్చినా కదా!"

నవ్వు ఆగాక ఎదురింటామె గడప దిగి వచ్చింది. "ప్రసన్నా, నాకొక సీసా ఇయ్యి మే."

"నాకూ ఒకటి."

"మా అత్తకు రెండు."

అరగంటలో సంచి ఖాళీ అయింది. ప్రసన్న తల ఎత్తుకుని ఒక్కొక్కరికీ రసీదు రాస్తుంటే, ఆదిమూలం గారు తిన్నె దిగి వచ్చి ఖాళీ సంచి దులిపి తన భుజానికే తగిలించుకున్నాడు.

"నా బిడ్డ పని మానదు" అన్నాడు వీధి మొత్తానికీ. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

మా అవ్వ ఊరుకుంటుందా? "అట్టనే పిల్లను మా వానికిచ్చేయప్పా. ముసల్దాన్ని, మళ్లా మళ్లా ఆటో ఎక్కలేను."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పెండ్లయినా ఆ బిడ్డ ఇంటింటికీ తిరగతాది. నీకు సమ్మతమేనా?"

"సంచి నేనే మోస్తానండీ. ఆమెను ప్రేమిస్తున్నాను."

అనేశాక గానీ ఎంత గట్టిగా అన్నానో తెలియలేదు. ఆదిమూలం గారు కూతురి వైపు తిరిగాడు.

"నీకు మే?"

ప్రసన్న రసీదు పుస్తకం మూసింది. మొహం కెంపులా ఎర్రబడింది గానీ, చూపు మాత్రం నా మీద నుంచి తిప్పలేదు.

"తప్పు చేసినానని నూరు గడపల్లో చెప్పిన మనిషి నాయనా. నాకిష్టమే" అంది. వీధి చివరి ఇంటికి కూడా వినపడేలా అంది.