కార్బ్యురేటర్లు విప్పిన రోజు

ఆదివారం పొద్దున్నే హేజెల్ పొయ్యి మీద గుడ్లు వేయిస్తూ కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆకుపచ్చ ఎంజీ కారు బానెట్ ఎత్తి ఉంది. దాని మీదకి నడుము దాకా వంగిపోయి, భర్త డెరిక్ తన వారం వారం పూజ మొదలుపెట్టాడు.

పూజ అనక ఇంకేమనాలి దాన్ని. చేతిలో మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొన తన చెవిలో, రెండో కొన ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ కలిపి పంపే రెండు కార్బ్యురేటర్లలో మొదటిదాని నోటి దగ్గర. కాసేపు విని, గొట్టాన్ని రెండో కార్బ్యురేటర్ దగ్గరికి మార్చి మళ్ళీ వినడం. రెండూ గాలి పీల్చే చప్పుడు ఒక్కలాగే ఉండేదాకా చిన్న మరలు అటూ ఇటూ తిప్పడం. మాల్వర్న్ చుట్టుపక్కల పాత కారు ఉన్న ప్రతివాడికీ డెరిక్ చెవి సంగతి తెలుసు. ఎవరి బండి మొరాయించినా ముందు ఆ చెవికి వినిపించాలి, తర్వాతే ఇంకో ఆలోచన.

ఆ చెవి ఇప్పుడు పని చేయడం లేదు. ఇంట్లో ఆ సంగతి తెలిసింది హేజెల్ ఒక్కదానికే. కెటిల్ ఈల వేస్తున్నా ఆయన పేపర్లోంచి తల ఎత్తడు. దుకాణంలో కౌంటరు దగ్గర అమ్మాయి ఏదో అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అప్పుడు హేజెల్ పక్కనుంచి ఆ మాటే ఇంకోలా తిప్పి, గట్టిగా అంటుంది. ఫోన్లన్నీ ఆవిడే తీస్తుంది. ఇద్దరూ దీని గురించి ఒక్క మాటా అనుకోలేదు. అనుకోకపోవడమే మర్యాద అని ఆవిడ నమ్మకం. కానీ ఆ మర్యాద ఖరీదు చెల్లిస్తున్నది తన కారు.

అవును, కారు ఆవిడదే. పెళ్ళికి ముందు వూస్టర్‌లో పింగాణీ కప్పుల మీద పువ్వులు వేసే పని చేస్తూ, సొంత జీతంతో కొనుక్కుంది. ప్రతి జూన్‌లో క్లబ్బు వాళ్ళు లిన్‌కోట్ కొండ మీద పెట్టే పందెంలో ఒక్కొక్క బండీ విడివిడిగా కొండెక్కుతుంది. పడుచుదనంలో ఆ కొండ మీద హేజెల్ అంటే మగవాళ్ళు కూడా హెల్మెట్ తీసి పలకరించేవారు. అలాంటిది పోయినేడూ, అంతకు ముందేడూ బండి శిఖరం కిందున్న చివరి హెయిర్‌పిన్ మలుపులో నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. తాడు కట్టి కిందికి లాక్కొచ్చారు. క్లబ్బు కార్యదర్శి చాలా మెత్తగానే చెప్పాడు, ఈ ఏడు కూడా పైకి చేరకపోతే ఇక ముందు కింద పచ్చికలో, ప్రదర్శన బళ్ళ వరసలో పెడదామని. ప్రదర్శన బళ్ళ పక్కన మడత కుర్చీ వేసుకుని శాండ్‌విచ్‌లు తినే ముసలమ్మల్ని హేజెల్ ఎన్నేళ్ళుగానో చూస్తోంది. తను వాళ్ళలో కూర్చోవడమన్నది ఆవిడ ఊహకే అందదు.

డెరిక్‌ని అడిగితే ఒకటే మాట. "పాతబడిపోయింది హేజెల్. నీలాగే, నాలాగే."

మధ్యాహ్నం భోజనానికి కూతురు జెమ్మా వచ్చింది, చంకలో అట్టపెట్టెతో. కొవెంట్రీలో ఇంజిన్లు పరీక్షించే వర్క్‌షాపులో దాని ఉద్యోగం. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చడం, కంప్యూటర్‌తో సరిచూడడం దాని పని. కార్బ్యురేటర్లు తీసేసి అమ్మ కారుకీ అదే పెడదామని ఏడాదిగా నానుస్తూనే ఉంది. ఇవాళ నానబెట్టడం మానేసి సామాను పట్టుకొచ్చేసింది. డెరిక్ మాంసం కోస్తున్నవాడు కత్తి పక్కన పెట్టి, ఆ పెట్టె వైపు తేలుని చూసినట్టు చూశాడు.

జెమ్మా ఓపిగ్గానే చెప్పుకొచ్చింది. ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో ఈ డబ్బా కనిపెట్టి, దానికి తగ్గ పెట్రోలు సన్నటి తుంపరగా చిమ్ముతుందట. చలైనా, ఎండైనా, ఎత్తు దారైనా లెక్క అదే వేసుకుంటుందట. బండిలో ఏదీ కోయక్కర్లేదు, ఇష్టం లేకపోతే పాత కార్బ్యురేటర్లు మళ్ళీ బిగించుకోవచ్చు.

"తాతల నాటి గోడ గడియారంలో బ్యాటరీ పెట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు డెరిక్.

"ఆగిపోయిన గడియారంలో పెట్టుకుంటారు నాన్నా."

హేజెల్‌కి నవ్వొచ్చింది. ఆపుకుంది. డెరిక్ మొహం ఎర్రబడింది. తన చెవి ఉండగా ఈ డబ్బాతో పనేమిటన్నాడు. ఈ కారు జెమ్మా పుట్టక ముందు నుంచి తన చేతి కింద ఉందన్నాడు. జెమ్మా కూడా ఆయన కూతురే కదా, తగ్గలేదు. పొగ గొట్టంలో వేలు పెట్టి చూసుకోమంది, బొగ్గు గనిలా ఉందంది. ఆ చెవి చెప్పినట్టే మరలు తిప్పితే పెట్రోలు ఇంత ఎక్కువ ఎలా పోతోందని అడిగింది. అడిగి, తండ్రి మొహంలోకి చూసి, "నీ చెవికేమైంది నాన్నా?" అంది.

డెరిక్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "నా షెడ్డులో, నా బండి మీద నువ్వు చెయ్యేస్తే ఊరుకోను."

"ఎవరి బండి?"

ఆ గొంతు తనదేనని హేజెల్‌కి కాసేపటికి గాని తెలియలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆవిడ వైపు తిరిగారు. ఇందాకట్నుంచి, కాదు, ఏడాదిగా వీళ్ళిద్దరూ దాని గురించి కొట్టుకుంటున్నారు గాని, ఎక్కి నడిపే మనిషిని ఒక్కరూ అడగలేదు. అదే అంది ఆవిడ. "ఆ మలుపులో నేను ఆగిపోతున్నా డెరిక్. జనం చూస్తుండగా తాడు కట్టి లాగేది నన్ను. నాకు పైకెక్కాలనుంది. ఒంట్లో శక్తి ఉండగా ఒక్కసారి పైకెక్కాలనుంది. బండి పాతబడలేదు. నీకు వినపడటం లేదు."

అనేసింది. అన్నాక ఆ మాటని వెనక్కి తీసుకోగలిగితే చాలనిపించింది. డెరిక్ తుండుగుడ్డ మడతపెట్టి పళ్ళెం పక్కన పెట్టి, షెడ్డులోకి వెళ్ళి తలుపులు మూసుకున్నాడు. జెమ్మా తల్లి భుజం మీద చెయ్యి వేసింది. నాకు తెలియదమ్మా, తెలిస్తే అలా అడిగేదాన్నా అంది. హేజెల్ తినని భోజనం చల్లారుతుంటే గట్టిగా ఏడ్చేసింది. ముప్పై ఏళ్ళు పైబడిన కూతురు ఎదురుగా ఉందని కూడా చూసుకోలేదు.

కాస్త తేరుకున్నాక మొహం కడుక్కుని, కప్పు టీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. క్షమించమని అడుగుదామనే వెళ్ళింది. తలుపు తోసి చూస్తే డెరిక్ రెండు కార్బ్యురేటర్లూ విప్పి, బల్ల మీద పాత తువ్వాలు పరిచి, వాటిని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పక్కపక్కనే పెట్టి ఉంచాడు. చేతులు నిండా గ్రీజు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"విప్పక తప్పకపోతే నేనే విప్పాలి," అన్నాడు. "ఇంకొకళ్ళు విప్పడం చూడలేను."

హేజెల్ టీ బల్ల మీద పెట్టి, ఆయన పక్కన నిలబడింది. ఈసారి ఆయన చూసేలా, నెమ్మదిగా అడిగింది, ఎప్పట్నుంచి అని.

"రెండేళ్ళ పైనే. గొట్టం పెట్టుకుంటే ఏమీ లేదు హేజెల్. బావిలో చెవి పెట్టినట్టే. అయినా పెట్టుకుంటున్నా. ఇదివరకు ఎంత తిప్పేవాణ్ణో గుర్తు తెచ్చుకుని తిప్పుతున్నా." ఆయన గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, ఆవిడ మొహంలోకి చూడకుండా అన్నాడు, "పెళ్ళికి ముందు నీ బండి రోడ్డు పక్కన ఆగిపోతే విని బాగుచేశాను. అలాగే కదా నువ్వు నాతో మొదటిసారి మాట్లాడింది. ఆ చెవి పోయిందని చెప్తే ఇక నేనెందుకు పనికొస్తాను?"

"పిచ్చి మనిషీ," అంది హేజెల్. "బండి ఆ తర్వాత ఎన్నిసార్లో ఆగింది. ప్రతిసారీ ఇంకొకణ్ణి పెళ్ళి చేసుకున్నానా?"

డెరిక్ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటే మొహమంతా గ్రీజయింది.

ఆ వారం నుంచి జెమ్మా రోజూ పని నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. ఇంజిన్ ముందున్న చక్రానికి పళ్ళ పట్టీ ఒకటి బిగించింది, అది ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌కి తెలియాలట. పొగ గొట్టంలో ఒక సెన్సర్, పెట్రోలు ట్యాంకు దగ్గర కొత్త పంపు, గాలి ద్వారాల దగ్గర తుంపర చిమ్మే ముక్కులు. డెరిక్ ప్రతి బోల్టుకీ ఏదో ఒక వంక పెడుతూనే, ప్రతి బోల్టూ తనే బిగించాడు. తండ్రికి చెప్పాల్సింది జెమ్మా ఎదురుగా నిలబడి, మొహం చూపించి చెప్పడం నేర్చుకుంది. ఆ చిన్న మార్పు చూసి వంటింట్లో హేజెల్‌కి కడుపు నిండినట్టయింది.

అన్నీ అమర్చాక ఇంజిన్ తాళం తిప్పగానే అంటుకుంది, చోక్ లాగే పని లేకుండా. కానీ సవ్యంగా తిరగదే. దగ్గుతుంది, ఊగుతుంది, ఆగబోయి మళ్ళీ లేస్తుంది. జెమ్మా ల్యాప్‌టాప్‌లో అంకెలు మారుస్తూ ఉసూరుమంది. పందెం దగ్గర పడుతోంది. హేజెల్‌కి మడత కుర్చీ కళ్ళ ముందు కనబడటం మొదలైంది.

డెరిక్ నాలుగు స్పార్క్ ప్లగ్గులూ ఊడదీసి తెల్ల కాగితం మీద వరసగా పెట్టాడు. చెవులు పోయినా కళ్ళున్నాయి కదా. రెండు ప్లగ్గులు మసి పట్టి నల్లగా ఉన్నాయి, రెండు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. కూతుర్ని పిలిచి చూపించాడు. "నీ కొత్త ఇంజిన్లలో నలుగురికి నాలుగు కంచాలుంటాయి. ఇది పాత కొంప. ఇద్దరికొక కంచం. ఒకే ద్వారంలోంచి రెండు సిలిండర్లు పీల్చుకుంటాయి. నువ్వు వడ్డించే వేళకి ఒకడు తినేస్తున్నాడు, రెండోవాడు పస్తుంటున్నాడు."

జెమ్మా నుదురు కొట్టుకుంది. పొద్దస్తమానం కొత్త ఇంజిన్ల మధ్య తిరిగి, దీనికీ వాటిలాగే వేళలు పెట్టేసింది. ఒక్కొక్క సిలిండర్ పీల్చే క్షణానికి తుంపర అందేలా వేళలు మార్చుకుంటూ పోయింది. మార్చినప్పుడల్లా డెరిక్ ప్లగ్గులు తీసి రంగు చూసేవాడు. బొటనవేలు పైకెత్తితే సరే, కిందికి దించితే మళ్ళీ. శనివారం సాయంత్రానికి నాలుగు ప్లగ్గులూ బిస్కెట్ రంగుకొచ్చాయి. ఇంజిన్ ఎంత నెమ్మదిగా, ఎంత నిండుగా తిరిగిందంటే హేజెల్ రొట్టెల కర్ర చేత్తో పట్టుకునే షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. తండ్రీ కూతుళ్ళు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గెంతుతున్నారు.

పందెం రోజు లిన్‌కోట్‌లో ఎండ కాసింది. క్లబ్బు పెద్దమనుషులు బానెట్ కింద చూసి ముక్కు విరిచారు. ఒకాయనైతే డెరిక్ భుజం తట్టి, నువ్వు కూడా కంప్యూటర్ పాలైపోయావా అన్నాడు. డెరిక్ నవ్వి ఊరుకున్నాడు, వినబడిందో లేదో మరి. నడుచుకుంటూ పైకి వెళ్ళి, చివరి మలుపు దగ్గర తాడు కట్టిన కంచె వెనక నిలబడ్డాడు. లాగే బండి వాళ్ళు అలవాటుగా అక్కడే కాచుకుని ఉన్నారు.

హేజెల్ హెల్మెట్ పెట్టుకుంది. ఆకుపచ్చ దీపం వెలిగింది. క్లచ్ వదలగానే కారు ముందుకి దూకింది. మొదటి మలుపు, చెట్ల మధ్య ఎత్తు దారి, రాతి గోడ పక్కన సన్నటి దారి, ప్రతి చోటా కాలు కింద అడిగినంత బలం అందింది. అన్నీ తెలిసిన మలుపులే. చేతులు వాటంతట అవే తిరిగాయి. వయసు, మోకాళ్ళ నొప్పి, కార్యదర్శి మెత్తటి మాటలు, అన్నీ వెనక ఎక్కడో రాలిపోయాయి. చివరి మలుపు వచ్చింది. గేరు దించి, స్టీరింగు పూర్తిగా తిప్పి, ఊపిరి బిగబట్టి యాక్సిలరేటర్ అదిమింది.

ఆగలేదు. దగ్గలేదు. పొగ లేదు. వెనక చక్రాలు ఒక్కసారి జారి పట్టుకున్నాయి. కారు మలుపు తిరిగి చివరి ఎత్తు మీదికి ఎగబాకింది. కంచె వెనక జనం టోపీలు ఎగరేశారు. లాగే బండి మీద కూర్చున్న వాళ్ళు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శిఖరం మీద గీత దాటాక హేజెల్ హెల్మెట్ లోపల ఒక్కతే, పిచ్చిదానిలా, గొంతెత్తి నవ్వింది.

మిగతా బళ్ళతో కలిసి కిందికి వచ్చేసరికి చుట్టూ గుంపు. కార్యదర్శి చెయ్యి కలిపి, మీ వయసు ఆడవాళ్ళెవరూ ఈ కొండని ఇంత వేగంగా ఎక్కలేదన్నాడు. వచ్చే ఏడాదికి తన పేరు ఇప్పుడే రాసుకోమంది హేజెల్. డెరిక్ కొండ దిగి, అందరినీ తప్పించుకుంటూ వచ్చి, కారు తలుపు మీద రెండు చేతులూ ఆనించి వంగాడు. చుట్టూ క్లబ్బు వాళ్ళంతా ఉన్నారు. వాళ్ళందరి ముందూ, మామూలు గొంతుతో అడిగాడు.

"ఎలా మోగింది హేజెల్? నాకు వినపడలేదు. నువ్వే చెప్పు."

ఆవిడ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ మొదట్నుంచి చెప్పింది. బయల్దేరినప్పుడు గుండెల్లోంచి వచ్చినట్టున్న ఆ హోరు, చెట్ల మధ్య అది రెట్టింపై తిరిగి రావడం, గోడ పక్కన సన్నబడటం. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి మాట ఆపి, ఒళ్ళో హెల్మెట్‌ని సర్దుకుంది.

"అక్కడ ఆగకు," అన్నాడు డెరిక్. "అక్కడేగా నాకు వినాలనుంది."

చెప్పింది. ఆయన తడిసిన కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు. నిటారుగా నిలబడి, జనంలో కూతురి కోసం వెతికి, చెయ్యి ఊపి పిలిచాడు.

"జెమ్మా, రేపు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. బండికి పెట్టావుగా, నాకూ ఏదో ఒక మిషను పెట్టించు. వచ్చే ఏడాది మీ అమ్మ ఎక్కుతుంటే నేనే వినాలి."