పెద్ద స్టేషన్లో, ఆదివారం నాలుగింటికి

"మీ రైలు వెళ్ళిపోలేదండీ. అసలు ఇక్కడికి రాదు."

ఆమెతో నేనన్న మొదటి మాట ఇదే. ప్రేమకథకి ఇంతకన్నా మంచి మొదలు ఉండొచ్చు. కానీ పాత స్టేషన్లో ఎంక్వయిరీ కిటికీ వెనక ఆరేళ్ళుగా కూర్చున్నవాడి నోట్లోంచి ఇలాంటివే వస్తాయి.

"రాకపోవడమేంటి? టికెట్ మీద ఈ ఊరి పేరే ఉందిగా!" అంటూ టికెట్టుని అద్దానికి ఆనించింది. వానకి తడిసిన జుట్టు, చంకలో ఓ అట్టపెట్టె, మొహం నిండా కోపం.

"ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో స్టేషన్ పేరుంది చూడండి. రాజధానిలో నాలుగు స్టేషన్లున్నాయి. మీరెక్కాల్సింది నది స్టేషన్లో."

"ఆ అక్షరాలు చీమలు చదువుకోడానికి వేశారా?"

"అవి కనబడని వాళ్ళ కోసమే నన్నిక్కడ కూర్చోబెట్టారండీ."

"టికెట్ కొనేటప్పుడు నా పక్కన కూర్చోబెట్టాల్సింది. చేతులు కాలాక ఆకులెందుకు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా రెండు తగిలిస్తుందేమోనని పెట్టెవైపు చూశాను. "అందులో ఏముంది, అంత భద్రంగా పట్టుకున్నారు?"

"పళ్ళు."

"అయితే కంగారెందుకు? సాయంత్రం రైలుకి వెళ్ళండి. ఒక్కపూటలో కుళ్ళిపోవుగా."

"తినే పళ్ళు కావు. తినడానికి పనికొచ్చే పళ్ళు!" అని మూత తీసింది. గులాబీ రంగు చిగుళ్ళతో ఆరు జతల కట్టుడు పళ్ళు నన్ను చూసి ఒక్కసారే ఇకిలించాయి. "అవతల ఆరుగురు ముసలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. నేను వెళ్ళకపోతే వాళ్ళకి ఇవాళ కూడా జావే."

ఆరు నోళ్ళ ఉసురు నాకెందుకు? ఓ పనికిరాని ఫారం వెనక గబగబా దారి గీసిచ్చాను. మూడో ప్లాట్‌ఫారం మీద లోకల్ ఎక్కాలి, రెండో స్టాపులో దిగాలి, ఆమె రైలు అక్కడ ఆగుతుంది, చేతిలో పదకొండు నిమిషాలుంటాయి. ఆమె థాంక్స్ కూడా చెప్పకుండా పరుగెత్తింది.

తర్వాతి గురువారం మళ్ళీ వచ్చింది. "ఆరుగురూ నమిలారు," అంది. అదే థాంక్స్ అనుకున్నాను.

ఆమె పని చేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో. గురువారాల్లో చుట్టుపక్కల ఊళ్ళ క్లినిక్కులకి తనే పట్టుకెళ్ళి ఇచ్చేది. ఏ ఊరికి ఏ స్టేషన్, ఏ టికెట్ అని నన్నడిగేది. రెండు నెలలయ్యేసరికి అన్నీ నేర్చేసుకుంది. అయినా అడగడం మానలేదు, నేను చెప్పడం మానలేదు. నేను 'పళ్ళమ్మాయి గారూ' అనేవాణ్ణి, తను 'కిటికీ గారూ' అనేది. అసలు పేర్లు తెలిశాక కూడా అవే వాడుకున్నాం.

"ఉత్తరం స్టేషన్లో ఎక్కితే క్లినిక్కుకి దగ్గర కదా, కిటికీ గారూ?"

"దగ్గరే. కానీ ఆ రైలు మా స్టేషన్ నుంచి బయల్దేరదు."

"అయితే వద్దులెండి. దూరమైనా మీ స్టేషన్ నుంచే వెళ్తాను."

అలాంటి మాట ఒకటి విసిరేసి వెళ్ళిపోయేది. నేను ఆ రోజంతా ప్రయాణికులకి ఒకటికి రెండుసార్లు సమాధానం చెప్పేవాణ్ణి.

ఐదో నెలలో ఓ గురువారం ఖాళీ చేతులతో వచ్చింది.

"పళ్ళేవీ?" అన్నాను.

"ఇంక నేను తీసుకెళ్ళనండీ. ఉద్యోగం మారుతున్నాను. సముద్రం పక్క ఊళ్ళో పెద్ద ల్యాబ్. మా అన్నయ్య కుదిర్చాడు. ఆదివారం బయల్దేరి రమ్మన్నారు."

పది గంటల ప్రయాణం. మా స్టేషన్లో కూడా ఆగే రైళ్ళే. ఎన్ని స్టాపులో, ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో నాకు కంఠతా వచ్చు. ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"టికెట్ కొన్నారా?"

"లేదు. ఎవరైనా వద్దంటారేమోనని చూస్తున్నాను."

క్యూలో ఆమె వెనకున్నాయన గట్టిగా దగ్గాడు. నేను నోరు తెరిచాను.

"ఆగండి," అంది. "ఆ మాట ఈ కిటికీలోంచి చెబితే నాకొద్దు. బయటికొచ్చి, నా ఎదురుగా నిలబడి చెప్పండి."

"అయితే ఆదివారం నాలుగింటికి. పెద్ద స్టేషన్లో, గడియారం కింద. మీ ఫోన్ నంబరు..."

"అదీ అక్కడే ఇస్తాను. మీరు వస్తే టికెట్ కొనను. రాకపోతే కొనుక్కుని ఎక్కేస్తాను. మళ్ళీ మీ మొహం చూడను." నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం మూడున్నరకే మా స్టేషన్ గడియారం కింద ఉన్నాను. మా బావ చొక్కా వేసుకున్నాను. చెప్పాల్సిన మాట నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను. నాలుగైంది. వాన మొదలైంది, వానకి ఆలస్యమైందిలే అనుకున్నాను. ఐదైంది. గొడుగు పట్టుకుని వచ్చిన ప్రతి మనిషినీ వంగి చూశాను. ఆరైంది. స్వీపరమ్మ నా చుట్టూ రెండుసార్లు ఊడ్చి, "ఎవరూ రావట్లేదా, బాబూ?" అంది. ఏడున్నరకి ఇంటికెళ్ళిపోయాను.

రాలేదు. అంతే. ఇష్టం లేదని మొహం మీద చెప్పలేక వస్తానంది.

ఆ తర్వాత ఐదు వారాలు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లేచేవాణ్ణి, వెళ్ళేవాణ్ణి, కూర్చునేవాణ్ణి. ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగుడుపడేది కాదు. గురువారం తను వచ్చే తొమ్మిదింటికి తల ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుని, ఎనిమిదిన్నర నుంచే ఎత్తేవాణ్ణి. తూర్పుకెళ్ళాల్సిన ఓ పెద్దాయన్ని పడమటి రైలెక్కించాను. మా సూపర్‌వైజర్ గారు పిలిచి, "నీకు సెలవు కావాలా, పెళ్ళి కావాలా?" అన్నారు. "రెండూ వద్దు సార్," అన్నాను. బతకడం మీద ఆశ పోయిన మనిషిలా ఉన్నానని పక్క కౌంటర్ వాళ్ళు అనుకునేవాళ్ళు. వాళ్ళనుకున్నది నిజమే.

మా అక్క సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. ఐదో శనివారం నన్ను వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, కత్తెర పట్టుకుంది.

"ఇప్పుడైనా చెప్తావా, ఎవరా అమ్మాయి?"

"ఏ అమ్మాయీ లేదు."

"తల కదిలించకు, చెవి తెగుద్ది. బావ చొక్కా వేసుకుని వెళ్ళి, తడిసిన పిల్లిలా తిరిగొచ్చావు. నేను చూడలేదనుకున్నావా?"

ఎడమవైపు జుట్టు కిందపడుతుంటే మొత్తం చెప్పేశాను. కిటికీ, పళ్ళు, ఆదివారం, గడియారం.

"పెద్ద స్టేషన్‌కి ఎలా వెళ్ళావు? లోకల్లోనా?"

"లోకలెందుకు? మా స్టేషనే కదక్కా."

కత్తెర ఆగింది. "మీదా? మీది పెద్ద స్టేషనెందుకైందిరా?"

"మొదటిది కదా. మిగతా మూడూ తర్వాత కట్టినవి. మావాళ్ళందరూ దాన్ని పెద్ద స్టేషనే అంటారు, పెద్దన్నయ్య అన్నట్టు. సెంట్రల్ అందరికన్నా చిన్నది, పోయిన పదేళ్ళలోది."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇరవై రెండు ప్లాట్‌ఫారాలున్న సెంట్రల్‌ని చిన్నదనేది ఈ ఊళ్ళో మీ స్టాఫొక్కరేరా. ఎవరినైనా అడుగు. ఆటో అతన్ని అడుగు. పెద్ద స్టేషనంటే సెంట్రలే!"

ఐదు వారాలు ఆమె రాలేదని ఏడ్చాను. రానిది నేను. ఆమె సెంట్రల్‌లో ఎంతసేపు నిలబడిందో, ఏమనుకుందో తల్చుకుంటే, పాత ఏడుపే నయమనిపించింది.

తువ్వాలు పీకేసి లేచాను. "సగమేరా అయింది!" అని అక్క అరుస్తూనే ఉంది. అలాగే ఆమె పాత ల్యాబ్‌కి పరుగెత్తాను.

ల్యాబ్ ఓనరు పెద్దాయన. బల్లంతా పళ్ళే గానీ, ఆయన నోట్లో సొంతవి నాలుగు కూడా ఉన్నట్టు లేవు. నా తలని ఓ పక్కనుంచి ఇంకో పక్కకి చూసి, "నువ్వేనా ఆ కిటికీ?" అన్నాడు.

"నేనేనండీ."

"నాలుగున్నర రైలు వదిలేసిందయ్యా నీ కోసం. ఐదున్నరదీ వదిలేసింది. ఏడింటిది ఆఖరుది, అదెక్కింది. సోమవారం ఫోన్ చేసి నా దగ్గర ఏడ్చింది. నా కూతురు ఏడ్చినట్టే ఉంది నాకు."

నేను జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. "తన నంబరు నీకు ఇవ్వొద్దంది," అన్నాడు. కాసేపు ఓ పన్ను అరగదీశాడు. "అడ్రసు ఇవ్వొద్దనలేదు." ఆమె కొత్త ల్యాబ్ పేరూ వీధీ ఓ చీటీ మీద రాసిచ్చాడు.

సూపర్‌వైజర్ గారికి సెలవని ఫోన్ చేసి, సాయంత్రం ఏడింటి రైలెక్కాను, సెంట్రల్లో. అది ఎక్కే ముందు బోర్డు మూడుసార్లు చదివాను. దారంతా నిద్ర లేదు. ఏం చెప్పినా ఇప్పుడు లాభం లేదని ఒక మనసు, వెళ్ళకపోతే నువ్వు మనిషివే కాదని ఇంకో మనసు. తెల్లారేసరికి ఆ ఊళ్ళో దిగాను.

ల్యాబ్‌లో ఆదివారం కూడా పని ఉంది. నీలం తలుపు, దాని ముందు ఐదు మెట్లు. పదింటికి తను బయటికొచ్చింది. తెల్లకోటు, వేళ్ళ నిండా ప్లాస్టర్ పొడి. నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చిక్కిపోయింది.

"నేను వచ్చానండీ," అన్నాను. "ఆ ఆదివారం మూడున్నరకే వచ్చాను. గడియారం కిందే ఉన్నాను. పాత స్టేషన్లో. మావాళ్ళకి పెద్ద స్టేషనంటే అదే. ముందు పుట్టింది కదా."

"పెద్దంటే... వయసులోనా?"

"వయసులోనే."

నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. చేతులకి పొడి ఉందని మోచేత్తో తుడుచుకుంది.

"నీకు తట్టలేదా?" అంది. నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "రోజూ వెయ్యిమందికి ఏ స్టేషనో చెప్పేవాడివి! నేను కనబడకపోతే, ఇంకో స్టేషన్లో ఉందేమోనని ఒక్కసారైనా అనిపించలేదా?"

"లేదు."

"ఎందుకని?"

అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. "నువ్వు రావనే అనుకున్నాను. మొదట్నుంచీ. నాలాంటివాడి కోసం నువ్వెందుకొస్తావు? రాలేదు, సరే, అంతేలే అనుకున్నాను. వెతకాలనే అనిపించలేదు."

ఆమె మెట్ల మీద చతికిలబడింది. "నేనూ అంతే," అంది. "మీ స్టేషన్‌కి లోకల్లో ఇరవై నిమిషాలు. అక్కడికొచ్చి నీ మొహాన నాలుగు తిట్టిపోవచ్చుగా? రాలేదు. నీకు ఇష్టం లేదని ఇట్టే నమ్మేశాను."

స్టేషన్ తప్పడం పెద్ద విషయం కాదు, ఎవరికైనా తప్పుతుంది. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు అంత తేలిగ్గా వదిలేసుకున్నాం. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"ఆ రోజు ఏం చెబుదామనుకున్నావు?"

"వెళ్ళొద్దని."

"ఇంకెందుకది? వచ్చేశానుగా."

"అయితే అసలు మాట చెప్తాను. నువ్వంటే నాకు ప్రాణం. ఈ ఐదు వారాలు నేను బతికింది బతుకు కాదు."

ఆమె నా వైపు చూడలేదు. "వినడానికి బానే ఉంది. నమ్మడానికే భయంగా ఉంది. నీ మీద కోపం కాదు. ఎదురుచూడ్డమంటేనే ఒళ్ళు జల్లుమంటోంది నాకు. ఆరింటికి నా డ్యూటీ అవుతుంది. ఉంటావా?"

"ఉంటాను."

"ఎక్కడ?"

"ఇక్కడే."

"ఇక్కడంటే?"

"నీలం తలుపు ఎదురుగా, మూడో మెట్టు మీద, కుడిచేతివైపు."

తను లేచి లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆరింటికి వస్తుందో, వెనక దారిన వెళ్ళిపోతుందో నాకు తెలియదు. వెళ్ళిపోతే తప్పు పట్టే హక్కు నాకు లేదు. మెట్టు మీద కూర్చున్నాను.

పదకొండింటికి తలుపు తెరుచుకుంది. ఊరికే చూసి మూసేసింది. పన్నెండింటికి గొడుగు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఒంటిగంటకి మొహం ఒక్కటే కనిపించింది, ఉన్నానా లేనా అని. నేను కదల్లేదు. చినుకులు పడుతున్నా, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

నాలుగోసారి భుజాన సంచీతో వచ్చింది. అప్పటికింకా మూడు కూడా కాలేదు.

"ఆరు కాలేదుగా?" అన్నాను.

"కొంచెం జరుగు," అని ఆ మెట్టు మీదే నా పక్కన కూర్చుంది.