పూజ తాళం

ముక్కుకి గుడ్డ బిగించుకుని హెప్సిబా రెండోసారి అడిగింది. "నీ వాళ్ళకి తలుపు తియ్యడం నీకు సమ్మతమేనా?"

బండి వెంటనే జవాబు చెప్పలేదు. ఛార్జింగ్ అయిపోయి మౌనంలోకి వెళ్ళిన బండి ఏదీ లేవగానే జవాబు చెప్పదు. ముందు కేంద్రాన్ని పలకరిస్తుంది, యజమానికి శుభోదయం చెబుతుంది, కొత్తగా వచ్చిన సీటు కవర్ల గురించి ఓ పాట పాడుతుంది. ఛార్జింగ్ ఎక్కించే ప్రాణధార తీగని బంపరు కింద పట్టుకుని హెప్సిబా ఆ పాట పూర్తిగా విన్నది. బళ్ళని ఒప్పించి తలుపులు తీయించడమే ద్వారసాక్షిగా ఆమె ఉద్యోగం, మధ్యలో ఆపే అధికారం ద్వారసాక్షికి లేదు. చివరికి బండి "సమ్మతమే" అంది. తలుపు తెరుచుకుంది. లోపల రెండు రోజులుగా మగ్గిన రొయ్యల కంపు మొహాన కొట్టింది.

యజమాని పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. హెప్సిబాకి ఆ వెసులుబాటు లేదు. బళ్ళు చేసే సంస్థ ఇచ్చిన మల్లెల పిచికారీ తీసి సీట్ల మీద కొట్టాలి. కుళ్ళిన రొయ్యలకి మల్లెపూలు తోడైతే వచ్చే వాసనని ఎవడు కనిపెట్టాడో గాని, వాణ్ణి తీసుకొచ్చి ఇందులో కూర్చోబెట్టాలి. ఆ తరువాత నిలబడి, "మీ బండి మిమ్మల్ని మరిచిపోలేదు, అభినందనలు" అని నవ్వుతూ చెప్పాలి. ఆ వాక్యం చెప్పిన ప్రతిసారీ ఆమెకి నోరు కడుక్కోవాలనిపిస్తుంది. ఈసారి నిజంగానే కడుక్కుంది.

అప్పుడే చెవిలో కేంద్రం పలికింది. అక్కడ కూర్చునే చక్రపాణి గొంతు ఎప్పుడూ భోంచేసి లేచినట్టే ఉంటుంది.

"బందరు రోడ్డు, పళ్ళ మార్కెట్ పక్క సందు. మౌన బండి. లోపల సామాను. తొందరేం లేదు."

రోహిణి ఎండ నెత్తి మాడుస్తుండగా ఆమె ఆ సందులోకి వెళ్ళేసరికి బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. యాభై దాటిన ఒకాయన బండరాయి పట్టుకుని తలుపు పైభాగాన్ని మోదుతున్నాడు. అక్కడ ఉన్నది గాజైతే ఎప్పుడో పగిలేది. గాజులు పోయి సహనపొరలు వచ్చి చాలా ఏళ్ళయింది. ఛార్జింగ్ పోగానే ఆ పొర తారు రోడ్డులా నల్లబడుతుంది, ఇనుము కన్నా మొండికేస్తుంది.

"లోపల మా ఆవిడుందమ్మా," అన్నాడాయన, రాయి వదలకుండానే. ఆయన పేరు రాఘవులు. "ఆసుపత్రి నించి ఇంటికి తీసుకెళ్తన్నా. కొబ్బరి నీళ్ళు కావాలంటే దిగా. బొండం కొట్టించుకుని వచ్చేసరికి బండి చచ్చి కూచుంది."

హెప్సిబా తలుపుకి చెవి ఆనించింది. లోపలి నుంచి తడుతున్న చప్పుడు. మెల్లగా, ఆగి ఆగి.

"సార్, లోపల మనిషుంది," అంది కేంద్రంతో.

"బండి ఆఖరి సాక్ష్యం నా ముందే ఉందిగా. మనుషులు సున్నా. సామాను ఒకటి."

"చప్పుడు వినపడతంది సార్."

"సామాను దొర్లుతుందేమో. నీ పని నువ్వు కానియ్."

ఆమె రాఘవుల్ని అడిగింది. "అమ్మగారు ఎంత బరువుంటారు?"

"బరువేడుందమ్మా, భ్రమరకి? ఆ మందులకి ఎండిపోయింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి కూచోబెట్టా."

విషయం బోధపడింది. సీటు ముప్పై కిలోల కింద ఉన్న దేన్నీ మనిషిగా లెక్కించదు. పిల్లలకి వేరే సీట్లున్నాయి, వాటికి వేరే లెక్కలున్నాయి. పెద్దవాళ్ళు అంతగా చిక్కిపోతారని ఆ లెక్క రాసినవాడికి తట్టలేదు. భర్త దిగాక బండి తన ఒళ్ళో ఒక సంచి మాత్రమే ఉందనుకుంది. సంచికి చల్లగాలి ఎందుకు? గాలి ఆపేసి, మిగిలిన కాస్త ఛార్జింగ్‌తో తన జ్ఞాపకాలు భద్రపరుచుకుని, పొద్దునెప్పుడో నేర్చుకున్న సీటు కవర్ల పాటతో సహా దాచుకుని, తలుపులు బిగించి మౌనంలోకి వెళ్ళింది.

హెప్సిబా ప్రాణధార తీగ తగిలించింది. బండి పుచ్చుకోలేదు. ఒళ్ళు కాలుతున్నప్పుడు ధార పుచ్చుకోకూడదన్నది దాని నియమం. చల్లబడేదాకా ఆగాలి. నీడలోకి నెడదామంటే సమ్మతి లేనిదే చక్రాలు కదలవు. జనం బిందెలతో నీళ్ళు తెచ్చి బండి మీద కుమ్మరించారు. పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరయ్యాయి. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. హెప్సిబా తీగ పట్టుకుని, నియమం ప్రకారం, ధార ఎక్కడం లేదని చూపే ఎర్రదీపం వంక చూస్తూ కూర్చుంది.

కొంతసేపటికి చప్పుడు ఆగిపోయింది.

రాఘవులు రాయి కింద పడేసి నల్లటి పొరకి మొహం ఆనించాడు. "భ్రమరా, ఒక్కసారి తట్టవే," అన్నాడు. పొర ఆయన చెంప కాల్చింది. ఆయన మొహం తియ్యలేదు.

హెప్సిబాకి ఇంకో దారి తెలుసు. ద్వారసాక్షులందరికీ తెలుసు. తాళంచెవులు లేని బళ్ళు వచ్చిన కొత్తలో జనం కొనడానికి ఒప్పుకోలేదు. కొత్త బండిని కొండకి తీసుకెళ్తే అమ్మవారి పాదాల దగ్గర పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. సంస్థ ఇత్తడి తాళంచెవి ఒకటి చేయించి ఇచ్చింది. దేనికీ తిరగని తాళంచెవి అశుభమని మళ్ళీ గొడవ. సరే, పంతులుగారు ఒక్కసారి తిప్పడానికి పిడి కింద, చిన్న మూత వెనక ఒక కన్నం పెట్టించింది. అది ఉత్తుత్తి తాళమని చేసినవాడికి ఎవరూ చెప్పలేదు. వాడు నిజమైన తాళమే చేశాడు. పూజ అయ్యాక ఎవరు వాడతారులే అని సంస్థ అన్ని బళ్ళకీ ఒకే అచ్చు పోయించింది. ఊరంతా తిరుగుతున్న బళ్ళన్నిటికీ ఒకటే తాళం. ఈ సంగతి బయటపెట్టనని ప్రమాణం చేశాకే ద్వారసాక్షికి ఉద్యోగం ఇస్తారు.

"సార్," అంది లోగొంతుకతో, "పూజ తాళం వాడతాను."

"ఆ మాట నేను వినలేదు," అన్నాడు చక్రపాణి.

"మనిషి చచ్చిపోద్ది సార్."

"సామాను అని రాసుంది, హెప్సిబా. ఏదైనా జరిగితే తప్పు బండిది. నువ్వు తెరిచావనుకో, తప్పు నీది. పిల్లలున్నారు నీకు. ఆలోచించుకో."

అంత కుళ్ళు మాటని అంత తీరిగ్గా, మేనమామ సలహా చెప్పినట్టు చెప్పాడు. హెప్సిబా రోడ్డు మీద ఉమ్మేసింది. తీగ పడేసి లేచి జనం వైపు తిరిగింది.

"ఎవరింట్లోనన్నా బండి పూజ తాళం ఉందా? దగ్గర్లో?"

ఎదురుగా టిఫిన్ హోటల్ నడిపే గజలక్ష్మి ముందుకొచ్చింది. "మా కొట్లో దేవుడి పటం దగ్గరుంది. కానీ అది మా బండిది తల్లీ. ఈళ్ళ బండికెట్టా పడుద్ది?"

"తెండి."

కుంకుమ గట్టిపడి పళ్ళలో ఇరుక్కుపోయిన తాళంచెవి అది. హెప్సిబా దాన్ని చీర చెంగుకేసి తుడిచి, మూత పీకి, కన్నంలో పెట్టి తిప్పింది. మొదట తిరగలేదు. రెండు చేతులతో పట్టి తిప్పింది. లోపల ఏదో కటుక్కుమంది. తలుపు తెరుచుకుంది.

లోపలి వేడితో పాటు మందులూ చెమటా మూత్రమూ కలిసిన వాసన బయటపడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. హెప్సిబా ముక్కు మూసుకోలేదు. భ్రమర సీటు కిందకి జారి, తలుపు పక్కనే ముడుచుకుని ఉంది. రాఘవులు ఆమెని ఎత్తుకొచ్చి హోటల్ అరుగు మీద పడుకోబెట్టాడు. గజలక్ష్మి ఆమె నెత్తిన చన్నీళ్ళు పోసింది. హెప్సిబా ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళు రుద్దింది. రుద్దుతూనే ఉంది. చాలాసేపటికి భ్రమర కనురెప్పలు కదిలాయి. కుర్రాళ్ళెవరో ఆసుపత్రి బండి కోసం పరిగెత్తారు.

గజలక్ష్మి తలుపుకే వేలాడుతున్న తన తాళంచెవి వంక చూసింది. "అయితే ఈళ్ళ తాళం మా బండికి కూడా పడుద్దా?"

"లేదను," అన్నాడు చెవిలో చక్రపాణి. "ఈ రెంటికే పొరపాటున కలిసిందను. అంతే, ఇంకేం మాట్లాడకు."

"పడుద్దండీ," అంది హెప్సిబా, ఫోన్లు పట్టుకున్నవాళ్ళందరికీ వినపడేలా. "ఏ తాళమైనా ఏ బండికైనా పడుద్ది. అన్నీ ఒకే అచ్చు. పిడి కింద మూతుంటది, పీక్కోండి."

ఒకాయన సందు చివర నిలబెట్టిన తన బండి వైపు చూశాడు. తరువాత ఇళ్ళకేసి నడిచాడు, ముందు మామూలుగా, ఆ తరువాత పరుగున. ఆయన వెనకే ఇంకొందరు. వాళ్ళు తాళాలు తేవడానికి పోతున్నారో, బళ్ళకి కాపలా కాయడానికి పోతున్నారో హెప్సిబాకి తెలియలేదు. చెవిలో చక్రపాణి ఎవరెవరి పేర్లో పిలుస్తున్నాడు.

అరుగు మీద వాళ్ళు ముగ్గురే మిగిలారు. గజలక్ష్మి నీళ్ళకి లోపలికెళ్ళింది. రాఘవులు భార్య తల ఒడిలో పెట్టుకుని హెప్సిబా వంక చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఒక్కమాట," అన్నాడు. "ఆవిడ తడతన్నప్పుడు కూడా నీకీ సంగతి తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. ఇప్పుడే గుర్తొచ్చిందని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు.

"తెలుసండీ," అంది హెప్సిబా.

ఆయన వంగి, ఆమె చేతుల్లోంచి భార్య పాదాలు తీసుకుని తన పక్కకి పెట్టుకున్నాడు.