తోకవైపు నుంచి చదువు

దెయ్యాలకి అర్ధరాత్రే కావాలని ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళెప్పుడూ పుస్తకాలు కూర్చే ఆఫీసు నేలమాళిగలో సెలవురోజు మధ్యాహ్నం కూర్చుని ఉండరు. పైన వీధిలో ఎండ మండిపోతుంటుంది. కింద ట్యూబులైటు ఆర్పితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

ఆ ఆఫీసులో అక్కాచెల్లెళ్ళు ఇద్దరు పనిచేసేవారు. పుస్తకాల పేజీలు కంప్యూటరు మీద కూర్చి అచ్చుకి పంపడం వాళ్ళ పని. చెల్లెలికి అక్కడ ‘భూతద్దం’ అని పేరు. కామా వెంట్రుకవాసి పక్కకి జరిగినా పట్టేసేది. అంత చూపున్న మనిషికి ఇంట్లో మనిషి సంగతి మాత్రం కనబడలేదు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

అమ్మ పోయేటప్పటికి చెల్లెలు తన జడ తాను వేసుకోవడం రాని పిల్ల. అక్కే పెంచింది. ఇప్పటికీ, అక్కా ఆమె కూతురూ మాత్రమే ఉండే ఇంటి మేడమీద గదిలోనే ఉండేది, అక్క చేతి అన్నమే తినేది, అక్క కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, అక్క ఉందిగా అనేది. నవ్వుతూ అన్నా అది నిజమే.

నేలమాళిగ అంతా ఫోర్మన్ గారి రాజ్యం. సీసపు అక్షరాల కాలంలో పనిలో చేరిన మనిషి. కంప్యూటర్లు వచ్చాక అందరూ మారారు, ఆయనా మారాడు, కానీ మారినది కుర్చీ ఒక్కటే. ప్రూఫు ఎప్పుడూ తోకవైపు నుంచి చదివేవాడు. ఆఖరి మాట ముందు, మొదటి మాట ఆఖర్న. మొదట్నించీ చదివితే అర్థం వచ్చి కళ్ళకి గంతలు కడుతుందట, వెనక నుంచి వస్తే తప్పు తప్పించుకోలేదట. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే కింద చలికి వేసుకునే స్వెటరు గుండీలు కూడా కిందనుంచి పైకి పెట్టుకునేవాడు. ముక్కుపొడుం డబ్బా ఎప్పుడూ పక్కనే. ప్రతి వాక్యానికీ ఓసారి దాని మూత మీద వేలితో కొట్టేవాడు. టక్.

ఆయన కింద కూర్చుని ఫోన్లో చదివితే, పైన అక్క రాతప్రతి చూసుకుంటూ ఊఁ కొట్టేది. ఊఁ అంటేనే తర్వాతి మాట. ఓరోజు అలా చదువుతూ చదువుతూనే కుర్చీలో పోయాడు. పేజీ సగంలో ఉంది. అక్క కిందకి దిగి చూసేసరికి ఆయన చల్లబడి చాలాసేపయింది. మరి ఆ చాలాసేపూ తను ఎవరికి ఊఁ కొట్టిందో అక్క ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతే అక్క చిక్కడం మొదలైంది. కళ్ళకింద నల్లటి గుంటలు. తలలోంచి ముక్కుపొడుం వాసన. ఎవరూ ఏమీ అడక్కపోయినా మధ్యమధ్యలో ఊఁ అనేది. స్వెటరు గుండీలు కిందనుంచి పెట్టుకుంటుంటే, ఫోర్మన్ గారి వారసత్వం నీకే వచ్చిందే అని చెల్లెలు ఆటపట్టించింది కూడా. అక్క నవ్వలేదు. ఆయన పోయాక కింద పని అక్క మీద పడింది, ఆ గాలీ వెలుతురూ లేని గది పడటం లేదు, అంతే అనుకుంది చెల్లెలు.

అలాంటి సమయంలో యజమాని ఒక మాట అన్నాడు. కింద ఉన్న పాత మిషను తీసేసి, పని మొత్తం పైన కొత్త మిషను మీదకి మార్చాలి. చిక్కల్లా ఒకటే. పేజీల కొలతలు, అక్షరాల సైజులు, వాక్యం ఎక్కడ విరగాలన్న నియమాలు అన్నీ పాత మిషను ఎప్పుడో ఒకేసారి నమిలి, ఒక ఫైలుగా దాచుకుంది. రోజూ తిరగలి తిప్పకుండా ఒకేసారి పిండి పట్టించి డబ్బాలో పోసుకున్నట్టు. ఆ పిండి కొత్త మిషనుకి పనికొస్తుందా అన్నదే పరీక్ష. పాతది ప్రతి అంకెనీ తలవైపు నుంచి రాసుకునే జాతి, కొత్తది తోకవైపు నుంచి రాసుకునే జాతి. ఫైలు మొదట్లో ఒక గుర్తు అంకె ఉంటుంది. కొత్త మిషనుకి అది తిరగబడి కనబడిందంటే ఫైలు తనది కాదని తిప్పికొడుతుంది.

ఫైలు పనికొస్తే నేలమాళిగకి తాళం పడుతుంది, అక్క బతికి బట్టకడుతుంది. చెల్లెలికి అది చాలు. సెలవురోజున ఎవరూ అడ్డురాకుండా పరీక్ష పెట్టుకుందాం, ఈసారికి నువ్వు కిందకి వెళ్ళవే, నేను పైన ఉంటాను అని అక్క అడిగితే, ఎగిరి గంతేసినంత పని చేసింది. అన్నేళ్ళూ తనకోసం చేసిన అక్కకి తను ఏదైనా చేసే రోజు వచ్చిందనుకుంది.

కింద గదిలో చలి. పాత మిషను ఫ్యాను గొంతులో కఫం పట్టిన మనిషిలా గురకపెడుతోంది. చెల్లెలు ఫైలు పైకి పంపి, అదే ఫైలుతో పాత మిషను మీద పరీక్ష పేజీ ఒకటి అచ్చు తీసుకుంది. ఫోను చెవికి ఆనించుకుంది.

“తీసుకుందా అక్కా?”

అటు కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు.

“తీసుకుందే,” అంది అక్క. “పేజీ వచ్చింది. నేను చదువుతాను, నువ్వు నీ కాగితం చూసుకుంటూ ఊఁ కొట్టు. తోకనుంచి చదువుతాను. తప్పు తప్పించుకోదు.”

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. కాగితం మీద చివరి మాట దగ్గర వేలు పెట్టింది. అక్క చదవసాగింది. ఒక్కో మాట. చెల్లెలు ఊఁ అంది. ఇంకో మాట. ఊఁ. అన్నీ సరిపోతున్నాయి. వేలు అడుగు వరుసలోంచి పైవరుసకి, అందులోంచి ఇంకా పైకి పాకుతోంది. గదిలో ఎక్కడో చెక్క మీద గోరు తగిలినట్టు చిన్న చప్పుడైంది. టక్.

మిషను వేడెక్కి ఉంటుందిలే అనుకుంది.

పేజీ మధ్యకి వచ్చేసరికి అక్క గొంతు కాస్త బొంగురుపోయింది. జలుబు చేసినట్టుంది. వాక్యం పూర్తయినప్పుడల్లా ఆ చప్పుడు. ఈసారి గదిలో ఎక్కడో కాదు… బల్ల మీదనుంచి. ముక్కుపొడుం ఘాటు గుప్పున వచ్చి కళ్ళు చెమర్చాయి. తల తిప్పి చూద్దామనుకుంది. తిప్పలేదు. వేలు వరుస తప్పిపోతుందని తనకి తాను చెప్పుకుంది.

వేలు మొదటి వరుసకి చేరింది. మొదటి మాట. ఊఁ.

పేజీ అయిపోయింది.

చదువు అవలేదు.

ఫోన్లో గొంతు ఇంకో మాట చదివింది. కాగితం మీద లేని మాట. తర్వాత ఇంకోటి. చెల్లెలు నోరు మూసుకుంది. గొంతు ఆగింది… ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపు చెవిలో వేడిగా తగులుతోంది. అనకూడదు. అననే అనను. పళ్ళు బిగించింది.

“ఊఁ,” అంది ఆమె నోరు.

టక్.

పక్కన ఖాళీ కుర్చీ కిర్రుమంది. ట్యూబులైటు ఆరి వెలిగింది. అప్పుడు ఫోన్లో అక్క సొంత గొంతు, చాన్నాళ్ళుగా వినని తేలిక గొంతు, మెల్లిగా వినబడింది.

“పట్టింది.”

ఫోను పెట్టేసిన చప్పుడు.

చెల్లెలు మెట్లెక్కిందో, ఎగిరిందో ఆమెకే తెలియదు. పైన ఎండకి గదంతా పచ్చగా ఉంది. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏసీ చలికి స్వెటరు గుండీలు పెట్టుకుంటోంది, పైనుంచి కిందకి. బుగ్గల్లోకి రంగు వచ్చింది. చేతిలో కాగితం లేదు, బల్ల మీదా లేదు. ప్రింటరు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. తెర మీద కొత్త మిషను ఎర్రటి అక్షరాలతో చెబుతోంది, ఈ ఫైలు నాది కాదని.

“పేజీ ఏదక్కా?” అంది. “ఇందాక చదివావే, అది.”

అక్క గుండీల నుంచి తల ఎత్తలేదు.

“మరి ఏం పట్టిందక్కా?”

“నీకు పట్టిందే,” అంది అక్క. “ఫైలు కాదు.”

తర్వాత అక్క చెప్పిందంతా పని గురించి చెప్పినట్టే చెప్పింది. ఆయన చదువు సగంలో ఆగిపోయిందట, వినేవాళ్ళు కావాలట. ముందు ఊడ్చే మనిషిని కింద కూర్చోబెట్టి ఊఁ కొట్టించింది, పట్టలేదు. కరెంటు పనికొచ్చిన అతని చేత కొట్టించింది, అతను జ్వరంతో మంచానపడి మళ్ళీ రాలేదు. ఆయన అందరి మీదా నడవడని అర్థమైంది. ఒక రక్తమైతే నడుస్తాడేమో చూద్దామనుకుంది.

“నా మీద పరీక్ష పెట్టావా?” అని అడిగింది చెల్లెలు.

“ఎన్నాళ్ళు మొయ్యనే? రేపు నా తర్వాత పిల్ల మీదకి వెళ్తే? నాకు పిల్ల ఉంది. నీకెవరున్నారు?”

దెయ్యం పట్టిందన్న మాటకి చెల్లెలు ఏడవలేదు. ఆ ప్రశ్నకి ఏడ్చింది. జవాబు అక్కకి తెలుసు. తెలిసే అడిగింది. నమ్మించి గొంతు కోయడమంటే కత్తి కనబడుతుందేమో అనుకునేది ఇన్నాళ్ళూ. అక్క చేతుల్లో ఏమీ లేదు, చిన్నప్పుడు జడలు వేసిన చేతులే అవి.

ఆ సాయంత్రమే మేడమీద గది ఖాళీ చేసి ఎక్కడో అద్దెగదిలోకి మారింది. పాప గుమ్మం దాకా వచ్చి, పిన్నీ ఎక్కడికి అని అడిగితే, పని మీద అని చెప్పి ముఖం తిప్పుకుంది.

ఇక ఆయనతో కాపురం. పెద్దగా బాధపెట్టడు, ఆ మాట చెప్పుకోవాలి. దిండులో ముక్కుపొడుం వాసన. అన్నం కలుపుతుంటే చదువు మొదలవుతుంది, వెనకనుంచి ముందుకి, తలా తోకా తెలియని పుస్తకం. ఊఁ అనాలి. బస్సులో అనాలి, బజార్లో అనాలి. కూరగాయల దుకాణం అతను ఏ ధర చెప్పినా ఊఁ అంటుందని ఆమెని చూస్తే అతనికి ప్రాణం. పొద్దున్నే గుండీలు కిందనుంచి పెట్టుకుంటున్న తన వేళ్ళని చూసి, అక్క కూడా ఇలాగే ఒంటరిగా చూసుకుని ఉంటుంది కదా అనుకునేది. జాలి పడబోయి, ఆగిపోయేది. ఆ జాలితోనే కదా మోసపోయింది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఫోను మోగింది. అక్క.

“చిన్నీ…” అంది, ఊపిరంత గొంతుతో. “ఆయన నీ దగ్గరే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“పోలేదు కదా? నిజంగా నీ దగ్గరే?”

“ఇప్పుడే చదువుతున్నాడు. ఏం?”

అక్క గొంతు ఇంకా తగ్గించింది. తర్వాత అడిగింది, తన ఇంట్లో మూత చప్పుడు ఎవరిది అని.

చెల్లెలికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళూ కడుపులో కుళ్ళినదంతా ఆ నవ్వులోంచి బయటికి వచ్చింది.

“అక్కా, ఎన్నేళ్ళు చేశావే ఈ పని? ఫైలు పంపితే ఇక్కడిది పోతుందా? వెళ్ళేది నకలు. అసలుది పంపినచోటే ఉంటుంది.”

అటునుంచి సన్నగా ఏడుపు. కసి తీరిందనుకుంది చెల్లెలు. తీరేలోపే, అక్క ఏడుపు వెనకాల ఇంకో గొంతు వినబడింది. లోపలి గదిలో పాప పాఠం చదువుకుంటోంది. ఒక్కో మాట. వెనకనుంచి ముందుకి.

“దానికి నేను నేర్పలేదు,” అంది అక్క. “కిందకి ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. ఒట్టు.”

“ఊఁ కొట్టకు అక్కా.”

“కొట్టడం లేదు. నోట్లో గుడ్డ కుక్కుకుంటున్నాను, నువ్వు కూడా…”

మాట మధ్యలోనే ఆగింది. కుక్కుకున్నట్టుంది. చెల్లెలు అరచేత్తో తన నోరు గట్టిగా అదిమిపట్టింది. తన చెవిలో ఇంతసేపూ సాగుతున్న చదువు ఠక్కున ఆగిపోవడం అప్పుడే గమనించింది. అద్దెగది నిశ్శబ్దంగా ఉంది. కిటికీ మీద వాన. ఫోన్లో పాప ఒక వాక్యం చదివి, మొదటి మాట దగ్గర ఆగింది. ఎదురుచూస్తోంది.

చెల్లెలి నోరు మూసే ఉంది. అక్క నోరు మూసే ఉంది. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

“ఊఁ,” అంది చెల్లెలి చెవిలో, ఇంతసేపూ చదివిన గొంతే.

పాప తర్వాతి వాక్యం మొదలుపెట్టింది.